పచ్చిచేప, ఎండుచేప, డబ్బా చేప: ఏది మేలు?

నిల్వ ఉంచిన ఆహారమంతా చెడ్డదేనన్న మాట గోదావరి డెల్టాలో నిలబడటం కష్టం. ఆవకాయ జాడీ, వడియాల డబ్బా లేని ఇల్లు ఇక్కడ అరుదు. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మర పడవల వేట ఆగిపోయే 61 రోజుల్లో నరసాపురం, అంతర్వేది వైపు చాలా వంటిళ్ళకు ఎండు నెత్తళ్ళే ఆదుకుంటాయి. అయినా ఎవరైనా సార్డిన్ చేపల డబ్బా కొనితెస్తే మాత్రం, అందులో ఏవో మందులు కలిపి ఉంటారని పక్కన పెట్టేస్తారు. మూడింటినీ ఒకే తక్కెడలో పెట్టి చూడటం న్యాయం.

పచ్చిచేప గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. నిజంగా తాజాదై, పులుసుగా వండితే దానికి సాటి లేదు. అయితే ఎండలో గంటల తరబడి ఐసు లేకుండా బుట్టలో తిరిగిన చేపను తాజాదనడం మన మొహమాటమే. పైగా భీమవరం, ఆకివీడు చెరువుల్లో పెరిగే బొచ్చె, శీలావతి చేపల్లో మాంసకృత్తులు బాగానే ఉన్నా, గుండెకు మేలుచేసే ఒమేగా-3 కొవ్వులు సముద్రపు కవళ్ళలో, అంటే సార్డిన్ చేపల్లో, ఉన్నంతగా ఉండవు.

డబ్బా చేప మీద ఉన్న అనుమానంలో చాలావరకు పొరపాటే. చేపను డబ్బాలో పెట్టి, గాలి చొరకుండా మూసి, ఆవిరి ఒత్తిడితో సుమారు 121 డిగ్రీల సెల్సియస్ వరకు వేడిచేస్తారు. ప్రాణాంతక విషాన్ని తయారుచేసే బోట్యులినం సూక్ష్మజీవి బీజాలు ఆ వేడికి నశిస్తాయి కనుకనే అది నిల్వ మందుల అవసరం లేకుండా ఏళ్ళ తరబడి ఉంటుంది. ఆ వేడికి బి1 విటమిను కొంత పోతుంది గాని, మాంసకృత్తులు, ఒమేగా-3 చాలావరకు నిలుస్తాయి. సార్డిన్ ముల్లు వేలితో నొక్కితే పిండి అయ్యేంత మెత్తబడుతుంది. ముల్లుతో సహా తింటాం కనుక కాల్షియం బాగా అందుతుంది. లోపమల్లా ఉప్పే, అందుకే డబ్బా వెనుక సోడియం అంకె చూడాలి. దాన్ని రెండున్నరతో హెచ్చవేస్తే ఉప్పెంతో తెలుస్తుంది: 400 మిల్లీగ్రాముల సోడియం అంటే ఒక గ్రాము ఉప్పు. పెద్దవారికి రోజు మొత్తానికి 5 గ్రాములలోపే ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఉబ్బిన డబ్బాను మాత్రం వాసన కూడా చూడకుండా పారేయాలి.

ఇక ఎండుచేప. నీరు ఆవిరైపోవడంతో మాంసకృత్తులు చిక్కబడి, ఎత్తుకు ఎత్తు పచ్చిచేపకంటే రెండు మూడు రెట్లు ఎక్కువగా ఉంటాయి. కాని ఉప్పుచేపలో ఉప్పు డబ్బా చేపలోకన్నా చాలా ఎక్కువ. ఇసుకలో ఆరబోసిన సరుకైతే మట్టి, పురుగు, వానాకాలంలో బూజు కూడా తోడవుతాయి. వంకాయ ఎండురొయ్యల కూర అంటే ప్రాణం పెట్టే నాకు ఈ మాట రాయడం అంత తేలిక కాదు. గుప్పెడు ఎండురొయ్యలు కూరంతటికీ రుచినిస్తాయి గనుక వాటిని ఆ మేరకే వాడుకోవడం మంచిది. రోజూ అన్నంలోకి ఉప్పుచేప నంజుకోవడం వేరు.

ఆహారాలను శుద్ధిచేసిన తీరునుబట్టి నాలుగు వర్గాలుగా విడదీస్తూ బ్రెజిల్ పరిశోధకులు రూపొందించిన నోవా వర్గీకరణ ప్రకారం ఉప్పుచేప, ఉప్పునీటిలోనో నూనెలోనో ఉంచిన డబ్బా చేప ఒకే వర్గానికి, అంటే మూడోదానికి చెందుతాయి. నాలుగోదైన అతిగా శుద్ధిచేసిన ఆహారాల్లో ఇన్‌స్టంట్ నూడుల్స్, శీతల పానీయాల వంటివి ఉంటాయి. అమెరికాలో 20 మందిపై జరిపి 2019లో ప్రచురించిన ప్రయోగంలో, అలాంటి ఆహారం ఇచ్చినప్పుడు వారు రోజుకు సుమారు 500 కేలరీలు అదనంగా తిన్నారు. మన భయం సార్డిన్ డబ్బా మీద కాక వాటి మీద ఉండాలి.

కనుక నా వరుస ఇది: తాజాదని నమ్మకమున్నప్పుడు పచ్చిచేప, లేనప్పుడు ఉప్పు తక్కువున్న డబ్బా చేప, రుచికి ఎండుచేప. రక్తపోటు మాత్ర వేసుకునే మా అత్తయ్య కోసం నెత్తళ్ళ తలలు తుంచి, వేడినీళ్ళలో రెండుసార్లు నానబెట్టి, ఆ నీళ్ళు పారబోశాకే వండుతాం. ఆ పూట ఆవకాయ జాడీ అటక దిగదు.