బెల్లానికీ చోటున్న బండి

మా ఇంట్లో బండి ఎక్కేవాళ్ళు ఆరుగురు. మా ఆయన, నేను, తొమ్మిదేళ్ళ అమ్మాయి, మూడేళ్ళ పిల్లాడు, అత్తమ్మ, బెల్లం. బెల్లం మా కుక్క. మా విశాఖలోనే, కూర్మన్నపాలెంలో టీ బడ్డీ కింద వానకి తడుస్తూ దొరికింది. అనకాపల్లి మార్కెట్లో వరసగా పేర్చిన దిమ్మలుంటాయి కదా, సరిగ్గా ఆ రంగు. అప్పుడు అరచేతిలో పట్టేది, ఇప్పుడు 24 కేజీలు.

కిందటేడు జనవరి దాకా మాకున్నది పాత ఆల్టో. సంక్రాంతి సెలవుల్లో అందులోనే అరకు బయల్దేరాం. బుద్ధి ఉన్నవాళ్ళు చేసే పని కాదని కాశీపట్నం దాటాక గాని తెలీలేదు. వెనక సీట్లో నేను, ఇద్దరు పిల్లలు, నా కాళ్ళ మీద బెల్లం. అనంతగిరి చేరేసరికి బయట పొగమంచు, లోపల బెల్లం రొప్పుడికి అద్దాలన్నీ పాలకళ్ళు. మా ఆయన ఒక చేత్తో స్టీరింగు, ఒక చేత్తో తువ్వాలు. ముందు సీట్లో అత్తమ్మ కవరు పట్టుకుని, "ఓలమ్మా, ఏటిరా ఈ మెలికలు, ఆపరా బాబూ" అని ఒకటే గోల. గాలికొండ వ్యూపాయింట్ దగ్గర ఆగి కిందకి చూస్తే లోయ లేదు, తెల్లటి గోడ ఉంది. అక్కడే కాఫీ తాగుతూ బండి మార్చాలని తీర్మానించాం.

మా తమ్ముడు కెనడాలో, మాంట్రియల్లో ఉంటాడు. ఫోన్ చేస్తే, "అక్కా, నాలుగు చక్రాలకీ పవర్ వెళ్ళేది తీసుకో, వింటర్ టైర్లు వేయించుకో" అన్నాడు. వాడున్న క్విబెక్‌లో డిసెంబర్ 1 నుంచి మార్చి 15 దాకా వింటర్ టైర్లు లేకపోతే చట్టమే ఒప్పుకోదు. వాడికి మంచు అంటే రోడ్డు మీద గడ్డకట్టేది. మనకి మంచు అంటే కళ్ళ ముందు కమ్ముకునేది. మాట ఒకటే, బండికి కావలసినవి వేరు. మన ఘాట్‌లో చక్రం జారడం కన్నా ఎదుటి బండి కనపడకపోవడం, దిగేటప్పుడు బ్రేకులు వేడెక్కడం పెద్ద భయాలు. ఏజెన్సీలో జీపులు టాపు మీద కూడా జనాన్ని ఎక్కించుకుని తిరగడం చూసినవాళ్ళకి తారు రోడ్డు ఎక్కడానికి ఫోర్‌వీల్ డ్రైవ్ అక్కర్లేదని వేరే చెప్పాలా? ఆ డబ్బులు మంచి టైర్లకి పెట్టండి. చట్టం ప్రకారం గాడి లోతు కనీసం 1.6 మిల్లీమీటర్లు ఉంటే చాలు, కానీ అంత అరిగిన టైర్లతో తడి ఘాట్ ఎక్కే ధైర్యం నాకు లేదు.

మూడు వారాలు బండ్లు చూశాం. ఇన్నోవా క్రిస్టా ఎక్కగానే అత్తమ్మకి నచ్చేసింది, ధర వినగానే దిగిపోయింది. ఎర్టిగా దాదాపు ఖాయం చేసుకున్నాం. మా కొలీగ్స్‌లో సగం మందికి అదే ఉంది, ఏ మూలకెళ్ళినా మెకానిక్ దొరుకుతాడు. కానీ మా ఆయనకి సీఎన్జీ కావాలి. ఆ సిలిండర్ కూర్చునేది డిక్కీలో. మరి బెల్లం ఎక్కడ కూర్చుంటుంది? స్కార్పియో ఎత్తు చూసి పిల్లాడు గంతులేశాడు. అత్తమ్మ మోకాళ్ళు గంతులెయ్యవు.

ఈ తిరుగుడులోనే నాకొక పద్ధతి అబ్బింది. షోరూముకి ఒట్టి చేతుల్తో వెళ్ళకూడదు. నేను పిల్లాడి సీటు, అమ్మాయి స్కూలు బ్యాగు, అత్తమ్మ, బెల్లం అందరినీ వెంటబెట్టుకుని వెళ్ళాను. ఒక చోట సేల్స్ కుర్రాడు కుక్కని చూసి, "మేడం, లోపలికి రాదండి" అన్నాడు. సరే, బండినే బయటికి తెమ్మన్నాను. తెచ్చాడు పాపం. కానీ పిల్లాడి సీటుని బండి సీటులో దానికోసమే ఉండే ఐసోఫిక్స్ కొక్కేలకి తగిలిస్తుంటే నవ్వుతూ, "ఇవన్నీ ఫారిన్‌లోనండి, ఇక్కడ అమ్మ ఒడే సేఫ్టీ" అన్నాడు. 14 ఏళ్ళలోపు పిల్లలకి బెల్టు గాని పిల్లల సీటు గాని లేకపోతే మోటారు వాహనాల చట్టం 194బి కింద వెయ్యి రూపాయల జరిమానా ఉంది. జరిమానా సంగతి అలా ఉంచండి. సడెన్ బ్రేకు పడితే 14 కేజీల పిల్లాణ్ణి చేతుల్తో ఆపగలిగే అమ్మ ఎక్కడా లేదు. ఆ బండి ఇంక చూడలేదు.

చివరికి తీసుకున్నది కియా కారెన్స్. 2022 నాటి డీజిల్, మాన్యువల్ గేర్లు, ఏడు సీట్లు, ఒకే చేతి మీద తిరిగిన సెకండ్ హ్యాండ్ బండి. పెనుకొండలో తయారైన మన రాష్ట్రం బండే. మనూళ్ళో సెకండ్ హ్యాండ్ కొనేవాళ్ళకి ఒక మాట. రంగు, సీట్లు తర్వాత చూసుకోవచ్చు, ముందు బండి కిందకి దూరండి. బీచ్ రోడ్డు పక్కన అపార్టుమెంట్లలో ఏళ్ళ తరబడి నిలబడ్డ బండికి ఉప్పుగాలి కింద నుంచి తింటుంది. సైలెన్సర్ బోల్టులు, చక్రాల్ని పట్టి ఉంచే సస్పెన్షన్ ఆర్మ్‌లు చూస్తే ఆ బండి ఎక్కడ కాపురం ఉందో తెలిసిపోతుంది. మాది పెందుర్తి వైపు తిరిగిన బండి, అడుగు శుభ్రంగా ఉంది.

మూడో వరస సగం సగంగా మడవచ్చు. మా సంసారమంతా ఆ ఒక్క సౌకర్యం మీద నడుస్తోంది. మూడు వరసలూ లేపి ఉంచితే డిక్కీ 216 లీటర్లు, అంటే రెండు స్కూలు బ్యాగులు, ఒక కూరగాయల సంచి. ఏడుగురు ఎక్కి సామాను కూడా పట్టాలంటే పైన క్యారియర్ తప్పదు. ఏడు సీట్ల బండ్లన్నిటిదీ ఇంచుమించు ఇదే కథ (ఎర్టిగాకి 209), కాబట్టి ఆశపడకండి. మేం ఎడమ సగం ఎప్పుడూ మడిచే ఉంచుతాం. దాని మీద పాత బొంత, బొంత మీద బెల్లం. ఛాతీకి హార్నెస్ వేసి సీటు బెల్టు బకిలుకి క్లిప్పు పెడతాం. మెడపట్టీకి మాత్రం తగిలించకండి, బ్రేకు వేస్తే మెడ మీద పడుతుంది.

కుడి సగంలో నేను. అవును, ఇంట్లో కుక్కకీ నాకూ ఒకటే ర్యాంకు. కారణం ఉంది. పిల్లాడి సీటు రెండో వరసలో కుడివైపు, డ్రైవరు వెనక బిగించాం. ఎడమవైపు సీటు బటన్ నొక్కితే ముందుకి దొర్లి మూడో వరసకి దారిస్తుంది, అక్కడ పిల్లల సీటు బిగిస్తే ఆ దారి మూసుకుపోతుంది. కాబట్టి ఎడమవైపు అమ్మాయి, తనకి కింద ఎత్తు కోసం వేసే బూస్టర్ సీటు ఒక్కటే. బెల్టు మెడకి కాకుండా భుజం మీదకి వచ్చేదాకా బూస్టర్ తియ్యనని చెప్పాను, స్నేహితురాళ్ళ ముందు పరువు పోతోందని అలక. నేను వెనకే ఉంటాను కాబట్టి ముందుకి వంగితే పిల్లాడికి నీళ్ళసీసా అందుతుంది, పక్కకి తిరిగితే బెల్లం తల అందుతుంది. నాది అయిదడుగుల రెండంగుళాలు, అరకు దాకా మోకాళ్ళు బాగానే ఉన్నాయి. మా ఆయన అక్కడ కూర్చుని ఎన్ఏడీ జంక్షన్ నుంచి మద్దిలపాలెం వచ్చేసరికి మాట్లాడ్డం మానేశాడు. వెనక వరసలకి టాపులోంచి ఏసీ గాలి వస్తుంది, మే నెలలో అదే దేవుడు.

అత్తమ్మకి శాశ్వతంగా ముందు సీటు. "నాను ఎనకాల కూకోనమ్మా, కక్కొచ్చేస్తాది" అని మొదటి రోజే చెప్పేసింది. సీటు ఎత్తు ఆవిడకి సరిగ్గా కుదిరింది, ఎక్కక్కర్లేదు, వంగక్కర్లేదు.

ఇక చలి సంగతి. డిసెంబర్లో లంబసింగి వెళ్ళాం, రాత్రి రెండున్నరకి బయల్దేరి నర్సీపట్నం మీదుగా. మా ఇంటి దగ్గర బండిలో 21 డిగ్రీలు చూపించింది, పైకెళ్ళేసరికి 7. తెల్లారి స్టార్ట్ చేయగానే టైరు గాలి తగ్గిందని పసుపు దీపం. మా ఆయన నాలుగు చక్రాల చుట్టూ ప్రదక్షిణలు చేశాడు, ఎక్కడా మేకు లేదు. చలికి టైర్లో గాలి ముడుచుకుంటుంది. దాదాపు ప్రతి 5, 6 డిగ్రీలకి గాలి ఒత్తిడి ఒక పీఎస్‌ఐ దిగుతుంది. కొంత దూరం నడిచి టైర్లు వేడెక్కాక దీపం దానంతటదే ఆరింది. బయల్దేరే ముందు రోజు చల్లటి టైర్లకి గాలి చూయించుకుంటే ఈ ప్రదక్షిణలు తప్పుతాయి. ఈ గాలి కొలిచే ఏర్పాటు, ఆరు ఎయిర్‌బ్యాగులు, నాలుగు చక్రాలకీ డిస్క్ బ్రేకులు, బండి అదుపు తప్పకుండా చూసే ఈఎస్‌సీ, ఎత్తు మీద వెనక్కి జారకుండా పట్టేది, పల్లంలో నెమ్మదిగా దింపేది, ఇవన్నీ 2022లో వచ్చినప్పటి నుంచే అన్ని వేరియంట్లలోనూ ఉన్నాయి. ఖరీదైన మోడల్ కొంటేనే ఇస్తామనలేదు, నన్ను ఒప్పించింది అదే. గ్లోబల్ ఎన్‌క్యాప్ క్రాష్ పరీక్షలో 2022లో వచ్చినవి 3 నక్షత్రాలు. అయిదు కావాలంటే వేరే బండ్లున్నాయి. తెలిసే తీసుకున్నాం.

అద్దాల పొగ గురించి ఆల్టో రోజుల్లో మాకు అజ్ఞానం. చలేస్తోందని ఏసీ ఆపేసి, లోపలి గాలే తిరిగేట్టు పెట్టి, పైగా కుక్క రొప్పుతుంటే పొగ పట్టక ఏం చేస్తుంది? ఊపిరిలో తడి చల్లటి అద్దం మీద చేరుతుంది. ఏసీ వేసి, వేడి వైపు తిప్పి, బయటి గాలి తీసుకునేట్టు పెట్టి, అద్దం బొమ్మ ఉన్న బటన్ నొక్కితే అద్దం చూస్తుండగానే విచ్చుకుంటుంది. ఏసీ చల్లబరచడమే కాదు, గాలిలో తడి కూడా పీల్చేస్తుంది. ఇది ఏ బండికైనా వర్తిస్తుంది, ఆల్టోలోనూ ఆ బటన్ ఉంది. మేమే నొక్కలేదు.

పొగమంచులో హైబీమ్ వేస్తే కాంతి తిరిగి మన కళ్ళలోనే పడుతుంది. లోబీమ్, ఫాగ్ ల్యాంపులు, రోడ్డు అంచు తెల్లగీత, మలుపుకో హారన్. నాలుగు ఇండికేటర్లూ టపటపలాడిస్తూ నడిపే మహానుభావులకి దణ్ణం. మీరు ఎటు తిరుగుతారో వెనకవాడికి తెలిసేదెలా బాబూ? దిగేటప్పుడు మాత్రం పాత డ్రైవర్ల మాటే: ఎక్కిన గేరులోనే దిగాలి. రెండో గేరులో డీజిల్ ఇంజనే బండిని పట్టుకుంటుంది, బ్రేకు ముట్టుకోవలసిన అవసరమే తక్కువ. అందుకే మాన్యువల్ కొన్నందుకు మా ఆయన మురిసిపోతుంటాడు. ఊళ్ళో గాజువాక ట్రాఫిక్‌లో క్లచ్ తొక్కేటప్పుడు ఆ మురిపెం కనపడదు. మైలేజీ అనకాపల్లి హైవేలో 19, ఘాట్‌లో 14 దాకా వస్తోంది.

పిల్లాడికి మాత్రం నేనొక తప్పు చేశాను. చలి అని దూదిబస్తాలాంటి జాకెట్టు, మంకీ టోపీ తొడిగి సీట్లో బెల్టు బిగించాను. టీకి ఆగినప్పుడు జాకెట్టు విప్పి అవే బెల్టులు మళ్ళీ పెడితే నా పిడికిలి దూరేంత వదులు. అంటే అంతదాకా వాడు బెల్టులో లేడు, జాకెట్టులో ఉన్నాడు. ఇప్పుడు పల్చటి స్వెట్టరు మీద బెల్టు బిగించి, పైన దుప్పటి కప్పుతున్నాం.

ఒళ్ళు మండిన ముచ్చట ఒకటి మిగిలింది. కుక్కగోళ్ళకి సీట్లు చిరుగుతాయని ఊళ్ళో ఒక షాపులో మందపాటి రెక్సిన్ కవర్లు కుట్టించాం. బండి ఇంటికొచ్చాక చూస్తే ఐసోఫిక్స్ కొక్కేలు కవర్ల కింద సమాధి. ముందు సీట్ల పక్కన ఎయిర్‌బ్యాగ్ అని రాసి ఉన్న చోట కూడా గట్టి కుట్టు. ఢీకొన్నప్పుడు ఆ బ్యాగ్ అక్కడి నుంచే చీల్చుకుని రావాలి. వెళ్ళి అడిగితే, "ఇన్నేళ్ళలో ఎవరూ అడగలేదమ్మా" అన్నాడు. డబ్బులు తిరిగి ఇవ్వలేదు. కవర్లు నేనే కత్తెరతో విప్పేశాను. ఇప్పుడు బెల్లానికి బొంత, సీట్లకి పాత దుప్పట్లు. వెంట్రుకలకి తడి రబ్బరు గ్లౌజుతో ఒక రుద్దు చాలు, ఉండలుగా వచ్చేస్తాయి. ఆదివారం భీమిలి వెళ్ళొస్తే మాత్రం బండి అడుగు భాగం మంచినీళ్ళతో కడగకుండా పడుకోం.

ఈ డిసెంబర్‌కి వంజంగి మేఘాలు చూడ్డానికి పాడేరు వెళ్దామంటే అత్తమ్మ సరేనంది. పార్వతీపురం నుంచి వాళ్ళ అక్క కూడా వస్తుందట. మడిచి ఉన్న ఆ సీటు లేపాలి. నిన్న డిక్కీ తీసి చూస్తే దాని మీద బెల్లం వెల్లకిలా పడుకుని ఉంది. ఆ మాట దానికి ఎవరు చెప్తారన్న దగ్గరే ఇంట్లో బేరం ఆగింది.