డ్రిఫ్టింగ్ నేర్చుకునేవారికి ఆదివారం మీట్ మేలా, మిల్లు గచ్చు మేలా?

మాది పాలకొల్లులో టైర్ల దుకాణం. ఎవరు కారు ఎలా నడుపుతున్నారో వాళ్లు చెప్పనక్కరలేదు, చక్రం ఊడదీస్తే తెలిసిపోతుంది. ఈ మధ్య కొందరు కుర్రాళ్లు తెచ్చే కార్లలో వెనక టైరు మీద ఒకేచోట అరచేతి మేర నున్నటి మచ్చ ఉంటోంది. చుట్టూ గ్రిప్పు బాగానే ఉంటుంది, ఆ మచ్చ దగ్గర మాత్రం లోపలి దారం పొర కనబడుతుంది. నడుస్తున్న కారుకు హ్యాండ్‌బ్రేకు లాగి, చక్రాన్ని బిగబట్టి ఈడిస్తే పడే మచ్చ అది. ఏమిటయ్యా ఇది అంటే "డ్రిఫ్టింగ్ అండీ" అంటారు. స్విఫ్టులో, ఐ20లో డ్రిఫ్టింగేమిటి? అవి ముందు చక్రాలతో లాగే కార్లు. ఇంజిను బలం వెనక చక్రాలకు అందే కారులో, ఆ బలంతోనే వెనక భాగాన్ని జారనిచ్చి, ముందు చక్రాలను ఎదురు దిక్కుకు తిప్పి, ఆ జారుడును అదుపులో పెట్టుకుంటూ మలుపు దాటించడం డ్రిఫ్టింగ్.

మా మేనల్లుడికీ ఈ పిచ్చి పట్టింది. మన డెల్టాలో రోడ్డంటే ఒక పక్క కాలువ, ఇంకో పక్క చేపల చెరువు. పైగా రొయ్యల లారీలు కార్చుకుంటూ పోయే నీళ్లు, కోతల కాలంలో తారు మీద ఆరబోసిన ధాన్యం. జారాలని లేనివాళ్లే జారిపోయే చోట వీడు కావాలని జారతానంటే మా అక్క ఊరుకుంటుందా? "నువ్వే వెంట ఉండి చూడు" అని వాణ్ణి నాకు అప్పగించింది. భీమవరం వైపు ఆదివారాలు జరిగే కార్ల మీట్‌కూ, తణుకు అవతల ఒక పాత రైసుమిల్లులో డబ్బు తీసుకుని చేయించే ప్రాక్టీసుకూ అలా వాడితో పాటు నేనూ వెళ్లాను.

ముందు మీట్ సంగతి. ప్లాట్లు అమ్ముడైనా ఇంకా ఇళ్లు కట్టని లేఅవుటు ఒకటి, నంబరు రాళ్ల మధ్య వెడల్పాటి సిమెంటు రోడ్లు. తెల్లవారగానే కార్లు వచ్చి వరుసగా నిలబడతాయి. ప్రవేశ రుసుము లేదు, పెసరట్టు బండి కూడా అక్కడికే వస్తుంది, పెసరట్టు బాగుంది. బానెట్లన్నీ తెరిచే ఉంటాయి, ఎవరిని ఏది అడిగినా విసుక్కోకుండా చెబుతారు. రాజమహేంద్రవరం నుంచి వచ్చిన ఒక పెద్దాయన వెనక హౌసింగు (వెనక ఇరుసు మధ్య గేర్లుండే డబ్బా) పనిలో చేయి తిరిగిన మెకానిక్. ఆ డబ్బాలో ఉండి రెండు చక్రాలకూ బలం పంచే గేర్లే డిఫరెన్షియల్. మామూలు డిఫరెన్షియల్‌తో డ్రిఫ్టింగ్ ఎందుకు కుదరదో నేల మీద సుద్దముక్కతో బొమ్మ గీసి మావాడికి చెప్పాడు. జారేటప్పుడు పట్టు తక్కువున్న చక్రమే ఊరికే తిరిగి బలమంతా తినేస్తుంది, రెండో చక్రానికి ఏమీ మిగలదు. అందుకే రెండో చక్రానికీ బలం అందేలా చేసే లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్ వేస్తారు, అంత డబ్బు లేనివాళ్లు రెండు చక్రాలూ కలిసే తిరిగేలా లోపలి స్పైడర్ గేర్లకు వెల్డింగు పెట్టిస్తారు. వెల్డింగు పెట్టిన బండి మామూలు రోడ్డు మీద మలుపు తిరిగేటప్పుడు టైరును కొరుకుతుందని కూడా ఆయనే చెప్పాడు. టైర్లు అమ్ముకునే నాకు ఆ మాట చాలా నచ్చింది.

ఆ పావుగంట తీసేస్తే మిగిలింది సైలెన్సర్ల మోత, రింగుల కబుర్లు, వీడియోలు. కొత్తవాడికి స్టీరింగు ఇచ్చేవాడు ఒక్కడూ లేడు. ఎందుకిస్తారు, ఎవరి కారు వారికి ముద్దు. చివర్లో ఒకాయన పాత బీఎండబ్ల్యూ తెచ్చి కూడలిలో గుండ్రంగా తిప్పాడు. బాగానే తిప్పాడు. కానీ చూసేవాళ్లు ఫోన్లు పట్టుకుని బంపరుకు రెండు బారల దూరంలో నిలబడ్డారు. నేను మావాణ్ణి చొక్కా పట్టుకుని వెనక్కి లాగాను. లేఅవుటు ప్రైవేటుదే కదా అని అక్కడ ఒకరు వాదించారు. జనం రాకపోకలకు హక్కున్న చోటు ఏదైనా మోటారు వాహనాల చట్టం దృష్టిలో బహిరంగ ప్రదేశమే. ఒంటరిగా తిప్పినా ప్రమాదకరంగా నడిపినందుకు 184వ సెక్షన్ ఉంది. పోటీ పడితే 189వ సెక్షన్ కింద మొదటిసారి మూడు నెలల దాకా జైలో, 5,000 రూపాయల దాకా జరిమానానో, రెండూనో. మళ్లీ దొరికితే జైలు ఏడాది దాకా, జరిమానా 10,000 దాకా పోతుంది.

ఇక మిల్లు. ఉప్పుడు బియ్యం ఆడే మిల్లులకు వడ్లు ఆరబోసుకోవడానికి ఎకరాల కొద్దీ గచ్చు ఉండేది. డ్రయ్యర్లు వచ్చాక చాలాచోట్ల ఆ గచ్చులకు పని తగ్గింది. ఇక్కడి శిక్షకుడు అలాంటి ఒక గచ్చును అద్దెకు తీసుకున్నాడు. చుట్టూ గోడలకు ఊక బస్తాలు రెండు వరసలు పేర్చాడు. బోరు నీళ్లు పారించి గచ్చును తడుపుతూనే ఉంటాడు, కాబట్టి తక్కువ వేగంలోనే కారు జారుతుంది, టైరు కూడా అంతగా అరగదు. కారు పాత కాంటెస్సా, వెనక చక్రాలతో నడిచేది, పెట్రోలుది, డిఫరెన్షియల్‌కు వెల్డింగు చేసింది. పూటకు నలుగురినే తీసుకుంటాడు, మనిషికి 3,500 రూపాయలు. కారు, పెట్రోలు, టైర్లు ఆయనవే.

మావాడు మా సరుకు తోలే ఓమ్నీ తెస్తానన్నాడు. అదీ వెనక చక్రాల బండే కదా అని వాడి లెక్క. ఆయన ఒప్పుకోలేదు. "ఓమ్నీ ఎత్తు బండి తమ్ముడూ. అడ్డంగా జారుతూ జారుతూ పొడి నేల మీదికి వచ్చిందంటే టైరు ఒక్కసారిగా పట్టేస్తుంది, బండి బోర్లా పడుతుంది" అన్నాడు. నాకు ఆయన మీద గురి కుదిరింది అక్కడే.

మొదటి గంటంతా నీళ్లు నింపిన ఒకే ఒక్క డ్రమ్ము చుట్టూ తిరగడమే. రెండో గేరు కూడా వేయనివ్వడు. యాక్సిలరేటరు ఎక్కువ తొక్కితే కారు గిర్రున తిరిగి వెనక్కి మొహం పెడుతుంది, తగ్గిస్తే జారుడు ఆగి తిన్నగా పోతుంది. భయపడి కాలు ఒక్కసారిగా తీసేస్తే వెనక టైర్లు పట్టు దొరకబుచ్చుకుని కారును అవతలి వైపు విసిరేస్తాయి. మావాడికి మొదట్లో మూడూ వరసగా జరిగాయి. వాడు స్టీరింగును గట్టిగా పట్టుకుని బలవంతాన తిప్పుతున్నాడు. "పట్టుకోకు, వదులు. ముందు చక్రాలు కారు పోయే దిక్కు వెతుక్కుంటాయి, నువ్వు చివర్లో ఆపితే చాలు" అని పక్క సీట్లోంచి ఆయన చెబుతూనే ఉన్నాడు. కాసేపటికి వాడి అరచేతుల్లో స్టీరింగు బావి గిలక మీద చాంతాడు జారినంత తేలిగ్గా జారడం మొదలైంది. అప్పుడు కారు డ్రమ్ము చుట్టూ ఒక చుట్టు పూర్తిగా అడ్డంగానే తిరిగింది. కిటికీలోంచి వాడు "మామయ్యా, చూశావా!" అని అరిచాడు. అరిచేసరికి చూపు డ్రమ్ము మీది నుంచి పోయింది, కారు వెళ్లి ఊక బస్తాలను తాకింది. ఒక బస్తా పగిలి మా అందరి నెత్తిన ఊక. కారుకు గీత పడలేదు. అదే గట్టు మీద అయితే ఏమయ్యేదో ఊహించుకోండి.

తర్వాత రెండు డ్రమ్ముల మధ్య ఎనిమిది అంకె. ఒక వైపు జారుడు నుంచి రెండో వైపుకు మార్చడం అసలు విద్య, బరువు అటు నుంచి ఇటు దొర్లే క్షణంలో చేతులూ కాలూ కలిసి పని చేయాలి. అది మావాడికి ఆ పూటకు రాలేదు. వస్తుందని ఆయనా చెప్పలేదు.

లోపాలు లేకపోలేదు. చెప్పిన వేళకు మొదలుపెట్టలేదు, నీళ్ల ట్యాంకు నిండలేదని చాలాసేపు కూర్చోబెట్టాడు. హెల్మెట్లు రెండే, నలుగురి చెమటా వాటిలోనే, లోపల కట్టుకునే గుడ్డ మనమే తెచ్చుకోవాలి. ప్రథమ చికిత్స పెట్టె ఉంది గానీ అంబులెన్సు లేదు. ఈ రుసుముకు అంబులెన్సు కుదరదంటే నేను ఒప్పుకోను, పూటకు ఇంకో వంద పెంచి అయినా పెట్టాలి. పన్నెండు దాటాక కాంటెస్సా వేడెక్కి పోయింది, బానెట్టెత్తి చింతచెట్టు కింద పెట్టి మమ్మల్నీ అక్కడే కూర్చోబెట్టాడు. అన్నిటికన్నా పెద్ద పరిమితి తడి గచ్చే. పొడి తారు మీద, మూడో గేరులో, నిజమైన మలుపులో ఏం జరుగుతుందో ఇక్కడ తెలియదు. దానికి చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై ట్రాక్ ఉంది, రాజమహేంద్రవరం నుంచి దాదాపు 600 కిలోమీటర్లు. కోయంబత్తూరు దగ్గర కరి స్పీడ్‌వే ఇంకా దూరం. మొదటి ఎనిమిది అంకె కూడా రానివాడు అంత ఖర్చు పెట్టుకుని అక్కడికి పోవడం దండగ.

మీట్ కుర్రాళ్లు ఎప్పుడూ తీసే వాదన ఒకటుంది. జపాన్‌లో డ్రిఫ్టింగ్‌కు పేరు తెచ్చిన కెయిచి త్సుచియా కొండదారుల్లోనే నేర్చుకున్నాడు కదా, ట్రాకులెందుకు అని. నిజమే, నేర్చుకున్నాడు. కానీ ఆయన రేసు డ్రైవరు కూడా. ఆ విద్య కొండదారి వదిలి మూసిన ట్రాకు మీదికి వచ్చాకే పోటీగా నిలబడింది. డీ1 గ్రాండ్ ప్రీ జపాన్‌లో 2001లోనూ, ఫార్ములా డ్రిఫ్ట్ అమెరికాలో 2004లోనూ సిరీస్‌లుగా మొదలయ్యాయి. ఫుకుషిమాలోని ఎబిసు సర్క్యూట్‌లో డ్రిఫ్టింగ్ కోసమే విడిగా ట్రాకులున్నాయి. అక్కడివాళ్లు వదిలేసిన పద్ధతిని మనం గోదావరి కాలువల పక్కన మొదలుపెట్టాలా?

కాబట్టి చేతికి పని రావాలంటే మిల్లుకే వెళ్లండి. నా లెక్కలో దానికి ఐదుకు నాలుగు, అంబులెన్సు పెట్టిన రోజు నాలుగున్నర. మీట్‌కు రెండు, అందులో ఒకటి ఆ హౌసింగు మెకానిక్‌కు, ఒకటి పెసరట్టుకు. రెండు మూడు పూటలు గచ్చు మీద తిరిగాక మీట్‌కు వెళ్తే అడగడానికి ప్రశ్నలుంటాయి, అప్పుడు ఆ పెద్దాయన దగ్గర ఇంకా చాలా దొరుకుతుంది.

మిల్లుకు మీ సొంత కారుతో వెళ్లాలనుకునేవారికి టైర్లవాడిగా ఒక మాట. వెనక వేసుకోవడానికి పాత టైర్లు చాలు గానీ రీట్రెడ్ చేసినవి, అంటే అరిగిన టైరుకు పైన కొత్త పొర అతికించినవి, వద్దు. జారుడు వేడికి అతికించిన పొర ఊడివస్తుంది, ఊడివచ్చిన పొర బ్రేకు పైపును తెంపగలదు. టైరులో దారం కనబడినా, దాని పక్క గోడ ఉబ్బినా మిల్లు శిక్షకుడు లోపలికి రానివ్వడు, వెనక్కి పంపేస్తాడు. బూట్లు పలచటి అడుగున్నవి వేసుకోండి, చెప్పులతో స్టీరింగు ముందు కూర్చోనివ్వడు. దాళ్వా (రెండో పంట) కోతలు మొదలైతే గచ్చు మీద రైతుల వడ్లు ఉంటాయి, ప్రాక్టీసు ఉండదు. ఈలోపే చోటు చెప్పి ఉంచుకోండి.