ప్రోగ్రామింగ్ పజిల్ ఆటలు: ముందు ఏది కొనాలి, ఎక్కడ కొనాలి?

ప్రోగ్రామింగ్ పజిల్ ఆటల గురించి, అంటే ఆదేశాలు వరుసగా పేర్చి యంత్రంతో పని చేయించే ఆటల గురించి, అడిగేవారు ఏ ఆట బాగుంటుందని అడుగుతారు తప్ప, ఎక్కడ కొనాలని సాధారణంగా అడగరు. నా దృష్టిలో ఈ రెంటినీ విడదీయలేం. కథ మీద నడిచే ఆటను వారం రోజుల్లో పూర్తి చేసి పక్కన పెట్టేస్తాం. ఈ పజిల్స్ అలా వదలవు. ఒకచోట చిక్కుకుపోతాం, విసుగొచ్చి మూసేస్తాం, నెలలు గడిచాక వేరే పనిలో ఉండగా హఠాత్తుగా దారి తట్టి మళ్లీ తెరుస్తాం. ఆలోగా కంప్యూటర్ మారిపోవచ్చు, పాత ఈమెయిల్ పోవచ్చు, ఇంటర్నెట్ లేని ఊళ్లో ఉండవచ్చు. అలాంటి రోజున కూడా తెరుచుకునే ఆటే ఈ కోవలో కొనదగినది.

డీఆర్‌ఎం, అంటే అనుమతి లేకుండా ఆట నడవకుండా వేసే డిజిటల్ తాళం, లేని ఆటలకు విలువ అక్కడే తెలుస్తుంది. డీఆర్‌ఎం ఉంటే ఫైళ్లన్నీ మన కంప్యూటర్‌లోనే ఉన్నా, నడిపే అనుమతి మాత్రం అమ్మిన సంస్థ చేతిలో ఉంటుంది. ఇల్లు కొన్నాక తాళంచెవి అమ్మినవాడి జేబులోనే ఉండిపోవడం లాంటిది ఇది. డీఆర్‌ఎం లేకపోతే ఇన్‌స్టాలర్ ఫైలు ఒకసారి దించుకుంటే చాలు. ఖాతా, సర్వర్, లాగిన్ ఏవీ అక్కర్లేదు.

దుకాణాల్లో ముందుగా చెప్పుకోవలసింది గాగ్. పోలాండ్‌కు చెందిన సీడీ ప్రాజెక్ట్ 2008లో ‘గుడ్ ఓల్డ్ గేమ్స్’ పేరుతో దీన్ని ప్రారంభించింది. పాత ఆటలను కొత్త కంప్యూటర్లలో నడిచేలా సరిచేసి, తాళాలు లేకుండా అమ్మడం మొదట్లో దాని పని. తర్వాత చిన్న స్వతంత్ర బృందాలు చేసే ఇండీ ఆటలకూ తలుపులు తెరిచింది. ఆటలను దించి నడపడానికి గెలాక్సీ అనే ప్రోగ్రామ్ ఉంది గానీ వాడితీరాలన్న నియమం లేదు. నేరుగా ఆఫ్‌లైన్ ఇన్‌స్టాలర్ దించుకోవచ్చు. 2020 నుంచి అక్కడ కొన్న 30 రోజుల్లోగా డబ్బు వాపసు అడగవచ్చు, ఆట ఆడి ఉన్నా సరే. కంప్యూటర్ ఆటలకు అతిపెద్ద దుకాణమైన స్టీమ్‌లో గడువు 14 రోజులు, ఆడిన సమయం రెండు గంటలు దాటకూడదు. మామూలు ఆటకు ఆ రెండు గంటలు సరిపోతాయేమో గానీ, కష్టమైన పజిల్ ఆటకు చాలవు. మొదటి రెండు గంటల్లో వచ్చేవన్నీ తేలిక పజిల్స్. ఆట మనకు నప్పుతుందా లేదా అన్నది పదో పజిల్ దగ్గర గాని తేలదు.

స్టీమ్‌ను తీసిపారేయడానికి మాత్రం లేదు. ధరలు రూపాయల్లో ఉంటాయి, యూపీఐతో చెల్లించవచ్చు. గాగ్‌లో మనకు ధర డాలర్లలో కనిపిస్తుంది. బ్యాంకు కార్డుకు అంతర్జాతీయ లావాదేవీల సదుపాయం తెరిపించుకోవాలి, మారకం రుసుము అదనం. హైదరాబాద్‌లోనో విశాఖలోనో చదువుకుంటూ ఇంటి నుంచి వచ్చే డబ్బులో మిగుల్చుకుని కొనే విద్యార్థికి ఇది చిన్న అడ్డంకి కాదు. పైగా స్టీమ్ ప్రతి ఆటకూ తాళం వేయాలని ఒత్తిడి చేయదు. తయారీదారు వద్దనుకుంటే ఫోల్డర్ కాపీ చేసుకుని స్టీమ్ లేకుండానే నడపగల ఆటలు అందులోనూ ఉన్నాయి. అయితే వేరే సంస్థ డీఆర్‌ఎం ఉంటే ఆట పేజీలో చెప్పే స్టీమ్, తన సొంత తాళం ఉందో లేదో చెప్పదు. కొని చూస్తే గాని తెలియదు. కాలిఫోర్నియా కొత్త చట్టం 2025లో అమల్లోకి రానుండగా, 2024 అక్టోబర్ నుంచి చెల్లింపు పేజీలోనే ఒక వాక్యం చేర్చారు: మీరు కొంటున్నది ఆటను కాదు, ఆటను వాడుకునే లైసెన్సును మాత్రమే అని. ఈ మాట ఎప్పటి నుంచో నిజం. కొనేవాడి కళ్లెదుట పెట్టడానికి ఒక చట్టం రావలసి వచ్చింది.

మూడో దుకాణం ఇచ్.ఐఓ. 2013లో మొదలైంది. తమ వాటాలో ఎంత శాతం దుకాణానికి ఇవ్వాలో అమ్మేవారే నిర్ణయించుకోవచ్చు, సున్నా అన్నా ఒప్పుకుంటుంది. విద్యార్థులు, ఒంటరి తయారీదారులు చేసిన చిన్న చిన్న పజిల్ ప్రయోగాలు వెతకాలంటే అక్కడికే వెళ్లాలి. హంబుల్ అనే దుకాణం పేరు కూడా వింటాం గానీ, ఇప్పుడు అక్కడ దొరికేవి చాలావరకు స్టీమ్‌లో నమోదు చేసి ఆట తెచ్చుకునే కోడ్‌లు. మొదట్లో అలా ఉండేది కాదు. 2010లో వచ్చిన తొలి హంబుల్ ఇండీ బండిల్‌లో ఆటలన్నీ తాళం లేనివే, ధర కొనేవారి ఇష్టం. అందులో ముఖ్యమైన ఆట ‘వరల్డ్ ఆఫ్ గూ’. కైల్ గేబ్లర్, రాన్ కార్మెల్ అనే ఇద్దరు చేసిన ఆ ఆట 2008లోనే డీఆర్‌ఎం లేకుండా వచ్చింది. ఆడుతున్న కాపీల్లో దాదాపు 90 శాతం దొంగవేనని వారే లెక్కగట్టి చెప్పారు. అయినా తాళం వేయలేదు. డబ్బిచ్చి కొన్నవాడిని అనుమానించకపోవడమే సరైన వ్యాపారమని నేను నమ్ముతాను. ఈ ఇద్దరి మీద నాకున్న గౌరవానికి కారణం అదే.

ఆ గేబ్లర్ తర్వాత మరికొందరితో కలిసి స్థాపించిన టుమారో కార్పొరేషన్ చేసిన ఆటే 2015లో వచ్చిన ‘హ్యూమన్ రిసోర్స్ మెషీన్’. అదే ఏడాది జాక్ బార్త్ నడిపిన జాక్‌ట్రానిక్స్ నుంచి ‘టిస్-100’ వచ్చింది. 2016లో వారిదే ‘షెన్‌జెన్ ఐ/ఓ’. ఈ మూడింటినీ పోల్చడానికి నాకు నచ్చిన కొలబద్ద ఒకటే: రెండు అంకెలను గుణించమంటే ఒక్కో ఆట మనకు ఏమి ఇస్తుంది, ఏమి ఇవ్వదు?

‘హ్యూమన్ రిసోర్స్ మెషీన్’లో మనం ఒక ఆఫీసు ఉద్యోగి. ఎడమ పట్టీ మీద అంకెలు వస్తాయి, కుడి పట్టీ మీద జవాబు పెట్టాలి, నేల మీద గళ్లు ఉంటాయి. మొత్తం ఆదేశాలు 11. గుణకారం ఆదేశం లేదు. ఇరవయ్యో ఏడాదిలో, అంటే ఇరవయ్యో పజిల్ ప్రాంతంలో, గుణించమంటుంది. తొమ్మిదిని రెండుతో గుణించాలంటే తొమ్మిదిని ఒక గడిలో, రెండును మరో గడిలో, ఇంతవరకు వచ్చిన మొత్తాన్ని ఇంకో గడిలో పెట్టుకుంటాం. మొత్తాన్ని చేతిలోకి తీసుకుని తొమ్మిది కలిపి తిరిగి పెట్టాలి. రెండులోంచి ఒకటి తగ్గించాలి. అది సున్నా అయ్యేదాకా ఇదే పని. ఆ చిన్న మనిషి గడి నుంచి గడికి నడుస్తుంటే లూప్ అనేది కళ్లకు కడుతుంది. పని పూర్తయ్యాక ఆట రెండు సవాళ్లు విసురుతుంది: తక్కువ ఆదేశాలతో చేయగలవా, తక్కువ అడుగుల్లో చేయగలవా? రెండు సార్లు తొమ్మిది కలపడానికీ, తొమ్మిది సార్లు రెండు కలపడానికీ తేడా ఎంతో అప్పుడు అర్థమవుతుంది. ముందుగా ఏది చిన్నదో చూసుకుంటే ప్రోగ్రామ్ పొడవు పెరుగుతుంది గానీ వేగం వస్తుంది. ఎప్పుడూ కోడ్ రాయని పదో తరగతి పిల్లలకు ఇంతకంటే మంచి ఆరంభం నాకు తెలియదు.

‘టిస్-100’లో నేల మీద గళ్లు లేవు. ఉన్నవి 12 చిన్న ప్రాసెసర్లు. ఒక్కోదానిలో 15 వరుసల కోడ్ మాత్రమే పడుతుంది. అంకె దాచడానికి ఒక రిజిస్టర్, దాని వెనక ఒక భద్రపరిచే చోటు, అంతే. ఆ రెండోదాంట్లో ఉన్నదాన్ని నేరుగా కూడలేం, ముందుకు మార్చుకోవాల్సిందే. గుణకారానికి మూడు విలువలు కావాలి, ఉన్నవి రెండు చోట్లు. కాబట్టి మూడో విలువను పక్క ప్రాసెసర్‌కు అప్పగించాలి. అసలు ఆట అక్కడ మొదలవుతుంది. ఒక ప్రాసెసర్ అంకె పంపితే, పక్కది అందుకునేదాకా కదలదు. రెండూ ఒకదానికొకటి పంపాలని నిలబడితే అంతా స్తంభించిపోతుంది. తప్పు ఇదీ అని చెప్పే సందేశమేదీ రాదు. ఒక్కో ప్రాసెసర్ పక్కన అది చదవడానికి ఆగిందో, రాయడానికి ఆగిందో మాత్రం కనబడుతుంది. ఇది దాటినా ఇంకో చిక్కు ఉంది. ఎడమ ప్రాసెసర్ తొమ్మిదిని పదేపదే పంపుతుంటే కుడిది కలుపుకుంటూ పోతుందనుకుందాం. కుడివైపు లెక్కింపు ముగిసింది, మరి ఎడమ ప్రాసెసర్‌కు ఆ సంగతి ఎవరు చెబుతారు? అది తొమ్మిదిని మరోసారి పట్టుకుని పంపడానికి సిద్ధంగా నిలబడి ఉంటుంది. ఆ మిగిలిన తొమ్మిది తర్వాతి లెక్కలోకి జొరబడి జవాబును పాడుచేస్తుంది. దాన్ని తీసి పారేయాలా, లేక ప్రతిసారీ ‘ఇంకా కావాలి’ అని కబురు పంపాలా? పనిచేసే జవాబులు ఒకటికి మించి ఉన్నాయి, ఒక్కోదాని వేగం ఒక్కో రకం. కొన్ని వరుసల కోడ్‌లో ఇంత లోతు ఉన్న ఆటను నేను మరొకటి చూడలేదు.

‘షెన్‌జెన్ ఐ/ఓ’లో గుణకారానికి ఆదేశమే ఉంది. ఒక్క వరుసతో అయిపోతుంది. కష్టం వేరేచోట పెట్టారు. చైనాలోని ఎలక్ట్రానిక్స్ కంపెనీలో ఉద్యోగానికి వెళ్లిన ఇంజనీర్‌గా మొదట చేసే పని, నకిలీ నిఘా కెమెరా మీద దీపాలు మినుకుమినుకుమనేలా చేయడం. చిన్న చిప్‌లో 9 వరుసలు, పెద్దదానిలో 14. పెద్దది వాడితే ఖర్చు ఎక్కువ. ప్రతి ఆదేశానికీ విద్యుత్ ఖర్చవుతుంది కాబట్టి పని లేనప్పుడు చిప్‌ను నిద్రపుచ్చాలి. ముప్పై పేజీలు దాటిన మాన్యువల్ ఒకటి ఆటతో పాటు వస్తుంది, దాన్ని ముద్రించుకుని పక్కన పెట్టుకోవడం మంచిది. నిజమైన మైక్రోకంట్రోలర్లతో పనిచేసేవారికి, ఈసీఈ చదివినవారికి ఇది ప్రాణంలేచివచ్చే ఆట. మిగతావారికి మాత్రం తొలి గంటలు పరీక్షకు చదువుతున్నట్టే గడుస్తాయి.

అందుకే కోడ్ రాయడం కాస్త వచ్చినవారు ‘టిస్-100’తో మొదలుపెట్టాలంటాను. నేర్చుకోవలసింది కొద్దిగా, ఆలోచించవలసింది చాలా. ‘షెన్‌జెన్’ దాని తర్వాతి మెట్టు. కోడ్ టైపు చేయడమే ఇష్టం లేనివారికి 2017లో వచ్చిన ‘ఓపస్ మాగ్నమ్’ ఉంది. యాంత్రిక చేతులతో రసవాదం చేయించే ఆట. స్థలానికి హద్దు లేదు కాబట్టి ఎలాగోలా ప్రతి పజిల్ పూర్తవుతుంది, అందంగా పూర్తిచేయడమే కష్టం. 2011 నాటి ‘స్పేస్‌కెమ్’ గొప్పదే గానీ, మొదటి ఆటగా తీసుకుంటే మధ్యలో వదిలేసే ప్రమాదం ఎక్కువ.

దుకాణం మాటకు వస్తే, ఇక్కడ పేర్కొన్న ఆటలన్నీ గాగ్‌లో తాళం లేకుండా దొరుకుతాయి. జాక్‌ట్రానిక్స్ 2022లో ‘లాస్ట్ కాల్ బీబీఎస్’ తర్వాత ఆటల తయారీ ఆపేసింది. రేపు ఏదైనా చిక్కు వస్తే సరిచేసే బృందం ఉంటుందన్న ధీమా లేదు కాబట్టి, ఇన్‌స్టాలర్ మన దగ్గర ఉండటం మరింత అవసరం. స్టీమ్‌లో కొనమని నేను చెప్పేది ఒకే ఒక్క సందర్భంలో. హాస్టల్లోనో ఆఫీసులోనో నలుగురైదుగురు స్నేహితులు ఒకే ఆటను కలిసి ఆడుతుంటే, ఒకరి లెక్కలు ఒకరికి కనిపించే సౌకర్యం అక్కడ ఉంది. తన కంటే మిత్రుడు సగం చక్రాల్లో, అంటే ప్రాసెసర్ వేసే అడుగుల్లో సగంతోనే, పూర్తిచేశాడని చూసిన మనిషి ఆ రాత్రి ఇంకో ప్రయత్నం చేయకుండా ఉండలేడు. ఆ సరదాకు లైసెన్సు షరతును భరించవచ్చు.

పజిల్ దగ్గర ఆగిపోతే నెట్‌లో జవాబు వెతకవద్దు. చూసిన జవాబును మళ్లీ కనిపెట్టలేం, పెట్టిన డబ్బు ఆ క్షణంలోనే వృథా అవుతుంది. కాగితం తీసి ఒకే ఒక్క అంకెను వెంబడించండి: ఇప్పుడు ఏ ప్రాసెసర్‌లో ఉంది, తర్వాతి చక్రంలో ఎక్కడుంటుంది? ముందు వికారంగానైనా పనిచేసే జవాబు చేసి, దాన్ని చెరపకుండా పక్కన కొత్తది మొదలుపెట్టండి. ‘టిస్-100’ ఒక్కో పజిల్‌కు ఒకటికి మించిన పరిష్కారాలను దాచుకోనిస్తుంది, అవి మామూలు టెక్స్ట్ ఫైళ్లే. గాగ్ నుంచి దించిన ఇన్‌స్టాలర్‌తో పాటు ఆ సేవ్ ఫోల్డర్‌ను కూడా పెన్‌డ్రైవ్‌లో వేసుకోండి. కంప్యూటర్ మార్చినప్పుడు ఆటను మళ్లీ దించుకోవచ్చు గానీ, మీరు రాసిన పరిష్కారాలు ఆ ఫోల్డర్‌లో తప్ప ఇంకెక్కడా దొరకవు.