ఇస్తాంబుల్ బజార్లలో జ్ఞాపికలు: చూడవలసిన చోటు, కొనవలసిన చోటు

ఇస్తాంబుల్‌లో జ్ఞాపికలు కొనాలంటే అందరికీ ముందుగా గుర్తుకు వచ్చేది గ్రాండ్ బజారే. దాన్ని చూడకుండా ఎవరూ వెనుదిరగవద్దనే నేనూ అంటాను. అయితే కొనదలచినవన్నీ అక్కడే కొనవలసిన పని లేదు. తీరికగా చూడటానికి ఒక బజారు, నాణ్యమైన సరుకు కొనడానికి మరొక బజారు అని ముందే విడదీసుకుంటే సమయమూ డబ్బూ రెండూ కలిసివస్తాయి.

మేము పాత నగరంలోని సిర్కెజీ ప్రాంతంలో బస చేశాము. గదులు ఇరుకే గాని, టీ1 ట్రామ్ దగ్గరలోనే ఆగుతుంది. ఎమినోనులోని మసాలా బజారుకు నడిచి వెళ్లవచ్చు. బెయాజిత్ స్టాపులో దిగితే గ్రాండ్ బజారు ఎదుటే ఉంటుంది. కొన్న సామాను మధ్యాహ్నమే గదిలో పెట్టి మళ్లీ బయలుదేరగలగడం పెద్ద సౌకర్యం. సామాను తూచుకోవడానికి త్రాసు, గాజు వస్తువులకు చుట్టుకోవడానికి కాగితాలు అడగగానే ఇచ్చిన హోటల్ సిబ్బందిని మెచ్చుకోవాలి.

1453లో నగరం ఒట్టోమన్ల వశమైన కొద్దికాలానికే, రెండవ మెహ్మెద్ సుల్తాను హయాంలో గ్రాండ్ బజారు నిర్మాణం మొదలైంది. కమానుల కింద అరవైకి పైగా వీధులు, దాదాపు 4,000 దుకాణాలు ఉన్నాయి. ఆదివారం మూసివేస్తారు కనుక ప్రయాణ ప్రణాళికలో అది చూసుకోవాలి. ప్రధాన వీధుల్లో దీపాలు, పలకలు, పర్సులు ఒక దుకాణంలో చూసినవే పది దుకాణాల్లో కనిపిస్తాయి, పిలుపులూ ఎక్కువే. ఓపిక చేసుకుని నడిమధ్యలోని పాత బెదెస్తెన్ (విలువైన సరుకులు అమ్మే కప్పుగల అంగడి) దాకా వెళ్లాలి. వెండి పనితనమూ పాత వస్తువులూ అక్కడ ఉంటాయి, అమ్మేవారు కూడా నిదానంగా మాట్లాడతారు. బజారంతటిలో నాకు నిజంగా నచ్చిన భాగం అదే.

కొనుగోలుకు మాత్రం నా ఓటు నీలి మసీదు వెనుక ఉన్న అరస్తా బజారుకే. మసీదు నిర్వహణకు ఆదాయం సమకూర్చడానికి పదిహేడో శతాబ్దంలో కట్టిన ఈ అంగళ్ల వరుస చిన్నది, ప్రశాంతమైనది. ఒక దుకాణదారు, ముడులు లేకుండా నేసే పలుచని తివాచీ అయిన ఒక కిలిమ్‌ను మా ముందు పరచి, ఆ తరువాత దాన్ని పైకెత్తి వెలుతురుకు అడ్డంగా పట్టుకున్నారు. రెండు రంగులు కలిసేచోట సన్నని చీలికల గుండా వెలుగు గీతలుగా కనిపించింది. ఏ రంగు పేక ఆ రంగు హద్దు దగ్గరే వెనక్కి తిరగడం వల్ల ఆ చీలికలు ఏర్పడతాయని, అది లోపం కాదని, చేతి నేతకు గుర్తు అని ఆయన వివరించారు. ముడులు వేసి నేసిన తివాచీ అయితే వెనక్కి తిప్పి చూడాలి. ముడులు స్పష్టంగా కనబడాలి, చివరి కుచ్చులు పడుగు దారాల కొనసాగింపుగా ఉండాలి. కుచ్చులు విడిగా కుట్టినట్లు ఉంటే అది యంత్రం మీద నేసినదని అనుమానించాలి. హెరెకె పట్టు (హెరెకె పట్టణం పేరున్న మేలిరకం పట్టు తివాచీ) అని చూపేవాటిలో కృత్రిమ పట్టువి కూడా ఉంటాయి కనుక రసీదులో దారం రకం, కొలతలు రాయించుకోవడం అవసరం.

కుతాహ్యా పట్టణపు పింగాణీ గిన్నెలు కూడా అరస్తాలోనే తీసుకున్నాము. చేత్తో వేసిన గీత ఒకచోట సన్నగా, మరొకచోట లావుగా సాగుతుంది. అచ్చు వేసినదాంట్లో ఆ తేడా ఉండదు.

మసాలా బజారు 1660ల నాటి కట్టడం, యెనీ జామి మసీదు సముదాయంలో భాగం. సుమాక్ అనే పుల్లని ఎర్ర మసాలా, లోకుమ్ అనే మెత్తని మిఠాయి అక్కడ రుచి చూసి కొనవచ్చు. కుంకుమపువ్వు విషయంలో మాత్రం జాగ్రత్త తప్పదు, ఎందుకంటే చవకగా దొరికేది చాలావరకు కుసుమ పూరేకులే. అసలైన పోగు చివర బాకాలా విప్పారి ఉంటుంది, నీటిలో వేస్తే రంగు మెల్లగా దిగుతుంది. పొడి రూపంలో అసలు కొనవద్దు. పక్కనున్న తహ్మిస్ వీధిలో 1871 నుంచి నడుస్తున్న కురుకహ్వెజీ మెహ్మెత్ ఎఫెంది దుకాణం దగ్గర కాఫీపొడి కోసం వరుసలో నిలబడటం వృథా కాదు. అదే చుట్టుపక్కల, లోపల కళాయి పూసిన రాగి జెజ్వెలు (టర్కీ కాఫీ కాచే పొడవాటి పిడి గిన్నెలు) దొరుకుతాయి.

బేరమాడటాన్ని అక్కడ ఎవరూ తప్పుగా తీసుకోరు. టీ ఇచ్చారని కొనితీరాలనేమీ లేదు. అయితే కొనే ఉద్దేశం లేనప్పుడు గంటసేపు తివాచీలు పరిపించడం మాత్రం ఆ మనిషి శ్రమకు అన్యాయమని నా అభిప్రాయం. ధర డాలర్లలో చెప్పినా, కార్డు వాడేటప్పుడు లీరాలోనే చెల్లింపు ఎంచుకుంటే మారకపు నష్టం తగ్గుతుంది.

పురాతన వస్తువుల మీద ఎంత మనసుపడ్డా తొందరపడకూడదు. 1983 నాటి 2863వ నంబరు చట్టం సాంస్కృతిక సంపదను దేశం దాటించడాన్ని నిషేధిస్తుంది. పాతదిగా కనిపించే తివాచీకి, అది ఆ కోవలోకి రాదని మ్యూజియం ఇచ్చే ధ్రువపత్రం అడగాలి. అది చూపలేని దుకాణంలో కొనకపోవడమే క్షేమం. పన్ను వాపసు సౌకర్యం ఉన్న దుకాణంలో పాస్‌పోర్టు చూపి ఫారం తీసుకుని, విమానాశ్రయంలో సామాను అప్పగించకముందే కస్టమ్స్ ముద్ర వేయించుకోవాలి. అధికారులు వస్తువును చూపమనవచ్చు కనుక కిలిమ్‌ను పెట్టె అడుగున సర్దకూడదు.