తక్కువ క్లిక్కులు చూపించి పెళ్లి వీడియో కెమెరాలు అంటగడుతున్నారు, వైజాగ్‌లో కొనేవాళ్లు జాగ్రత్త

విశాఖలో సెకండ్ హ్యాండ్ ఫుల్ ఫ్రేమ్ కెమెరా కోసం తిరుగుతున్నవాళ్లందరికీ ముందే ఒక మాట. "షట్టర్ కౌంట్ చాలా తక్కువ సార్" అంటూ ఎవరైనా స్క్రీన్ మీద అంకె (కెమెరా ఇప్పటిదాకా ఎన్ని క్లిక్కులు కొట్టిందో ఆ లెక్క) చూపిస్తే సంబరపడి డబ్బులు పంపేయకండి. ఆ అంకె నిజమే అయినా సరే పంపకండి. నాకు చూపించిన అంకె నిజమే. కెమెరానే పనికిరానిది.

నాది ఫొటోగ్రఫీ వృత్తి కాదు. ఉద్యోగం చేసుకుంటూ తెల్లవారుజామున బీచ్ రోడ్డు, భీమిలి, సెలవు దొరికితే అరకు వెళ్లి తీసుకుంటూ ఉంటాను. నా పాత కెమెరాది క్రాప్ సెన్సర్, అంటే వెలుగును ఫొటోగా మార్చే చిప్ చిన్నది. అందులో ఐఎస్ఓ (మసక వెలుతురులో పెంచుకునే సెట్టింగ్) 3200 దాటిందంటే నీడలన్నీ గరుకుగా తేలేవి. ఫుల్ ఫ్రేమ్ సెన్సర్ 36×24 మిల్లీమీటర్లు, కేనన్ క్రాప్ సెన్సర్ 22.3×14.9. విస్తీర్ణంలో రెండున్నర రెట్లకు పైగా తేడా. ఆ తేడా కావాలి, చేతిలో మాత్రం పాత కెమెరా అమ్మగా వచ్చిందీ కలిపితే 45 వేలు. ఆ డబ్బుకి కొత్త ఫుల్ ఫ్రేమ్ ఊసే ఎత్తనక్కర్లేదు. 2012లో వచ్చిన కేనన్ 6డి లాంటి బాడీల (లెన్స్ లేని కెమెరాల) వైపే చూడాలి. తీసిపారేయాల్సిన కెమెరా ఏమీ కాదది. 20 మెగాపిక్సెల్, మసక వెలుతురులో ఇప్పటికీ బాగా తీస్తుంది.

ఊళ్లో పాత కెమెరాలు కొని అమ్మే ఒక షాపులో ఒక 6డి దొరికింది. ఫిర్యాదు నడుస్తోంది కాబట్టి షాపు పేరు రాయడం లేదు. "డాక్టర్ గారిది సార్. ఇంట్లో పిల్లల ఫొటోలే. పెళ్లికి ఒక్కసారి కూడా వెళ్లలేదు" అన్నాడు కౌంటర్లో కుర్రాడు. సెకండ్ హ్యాండ్ మార్కెట్లో కారైనా కెమెరా అయినా డాక్టర్ గారిదే అవుతుంది, వీళ్లంతా పేషెంట్లను ఎప్పుడు చూస్తారో మరి. కేబుల్ పెట్టి లాప్‌టాప్‌లో కౌంట్ చూపించాడు. 21 వేల చిల్లర. 6డి షట్టర్‌కి కంపెనీ చెప్పే ఆయుష్షు లక్ష క్లిక్కులు. "ఇంకా ఎనభై వేలు మీ చేతిలోనే ఉన్నట్టు సార్" అన్నాడు. ట్యూబ్‌లైట్ కింద నాలుగు ఫొటోలు తీసి కెమెరా వెనక స్క్రీన్ మీదే చూపించారు. 38 వేలకి బేరం తెగింది.

రుషికొండ దగ్గర సూర్యుడు రాకముందు తీసిన ఫొటోలు ఇంటికొచ్చి లాప్‌టాప్‌లో పెద్దవి చేసి చూస్తే అసలు సంగతి బయటపడింది. ఆకాశంలో కుడివైపు, పై అంచు నుంచి కింది అంచు దాకా వెంట్రుక మందాన ఊదారంగు గీత. పక్క ఫొటోలోనూ సరిగ్గా అక్కడే. లెన్స్ మార్చి తీసినా అక్కడే. గీత మీద ఒకచోట ఆవగింజంత తెల్ల చుక్క. సెన్సర్ క్లీన్ చేయిస్తే పోతుందేమో అనుకుని, చాలా ఏళ్లుగా కెమెరాలు బాగుచేస్తున్న ఒక పెద్దాయన దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన స్క్రూడ్రైవర్ కూడా తీయలేదు. ఫొటో చూసి, "లేజర్ తగిలింది బాబూ. చుక్క ఉన్నచోట కాలింది, దాంతో ఆ వరసంతా పోయింది. పెళ్లి వీడియోలకు తిప్పిన బాడీ ఇది" అన్నారు. సెన్సర్ మార్పించాలంటే బాడీకి పెట్టిన ధరకు దగ్గర్లోనే అవుతుందట.

మరి కౌంట్ 21 వేలే ఎందుకుంది? దీన్ని కాస్త నిదానంగా చెప్తాను, ఎందుకంటే మోసమంతా ఇక్కడే ఉంది. ఫొటో తీసేటప్పుడు డీఎస్ఎల్ఆర్‌లో సెన్సర్ ముందు అద్దం, షట్టర్ రెండూ అడ్డం ఉంటాయి. మీట నొక్కినప్పుడు క్షణంలో చిన్న వంతు మాత్రమే సెన్సర్‌కి వెలుగు తగులుతుంది, నొక్కిన ప్రతిసారీ కౌంట్ ఒకటి పెరుగుతుంది. వీడియోలో అలా కాదు. అద్దం పైకి లేచి, షట్టర్ తెరుచుకుని, క్లిప్పు అయ్యేదాకా సెన్సర్ బయటికి చూస్తూనే ఉంటుంది. 6డిలో ఒక్కో క్లిప్పు 29 నిమిషాల 59 సెకన్ల దాకా పోతుంది. అంతసేపు తీసినా కౌంట్ ఒకటో రెండో పెరుగుతుంది, అంతే. అంటే రాత్రంతా సంగీత్ తీసిన కెమెరాకి, ఇంట్లో పిల్లాడి పుట్టినరోజు తీసిన కెమెరా కంటే తక్కువ కౌంట్ ఉండొచ్చు. ఇప్పుడు మన ఊరేగింపుల్లో, రిసెప్షన్లలో డీజే వాళ్లు పెట్టే పచ్చ, నీలం లేజర్లు చూస్తూనే ఉన్నాం. ఆ కిరణం తిరుగుతూ తిరుగుతూ ఒక్కసారి నేరుగా లెన్స్‌లోకి దూరితే చాలు, సెన్సర్ మీద మచ్చ పడిపోతుంది. ఇలాంటి నష్టం గురించి కెమెరా కంపెనీలే హెచ్చరిస్తున్నాయి. అద్దం లేని మిర్రర్‌లెస్ కెమెరాలు కొనేవాళ్లయితే ఇంకా జాగ్రత్త. ఆన్ చేసి ఉన్నంతసేపూ వాటి సెన్సర్ మీద వెలుగు పడుతూనే ఉంటుంది.

అందుకే నా లెక్కలో ఇరవై వేల క్లిక్కుల పెళ్లి వీడియో బాడీ కంటే, పాస్‌పోర్ట్ ఫొటోలు తీసే స్టూడియోలో ఏసీలో కూర్చున్న ఎనభై వేల క్లిక్కుల బాడీ మేలు. షట్టర్ అరిగిపోయే భాగం, పోతే మార్చుకోవచ్చు. పాత బాడీకి సెన్సర్ మార్పించడం మాత్రం ఎవరూ చేసే పని కాదు.

కొందరు కౌంట్ తీయడం తెలియక, లేదా తెలిసే, ఫైల్ నంబర్ చూపిస్తారు. "చూడండి, 4,200వ ఫొటో" అంటారు. కేనన్‌లో ఆ నంబరు 9999 దాకా వెళ్లి మళ్లీ 0001కి వస్తుంది. మెనూలో రీసెట్ కూడా చేసుకోవచ్చు. దానికి విలువే లేదు. నికాన్ అయితే కెమెరా నుంచి నేరుగా తీసుకున్న ఫొటో ఫైల్లోనే అసలు కౌంట్ దాగి ఉంటుంది, ఉచితంగా చదివిపెట్టే సైట్లున్నాయి. కేనన్‌లో చాలా మోడళ్లకు మాత్రం కేబుల్ పెట్టి సాఫ్ట్‌వేర్‌తో చూడాల్సిందే.

ఇక వీడియోకి వాడిన బాడీని ఎలా పట్టుకోవాలంటే, ముందు కెమెరాని తిరగేయండి. ట్రైపాడ్ స్క్రూ రంధ్రం చుట్టూ రంగు గుండ్రంగా లేచిపోయి ఇత్తడో అల్యూమినియమో మెరుస్తుంటే అది ఏళ్ల తరబడి ప్లేటు మీద బిగించిన బాడీ. పక్కనున్న రబ్బరు మూత తీసి హెచ్‌డీఎంఐ, మైక్ రంధ్రాలు చూడండి. ఇంట్లో వాడే మనిషి వాటి జోలికే పోడు. అక్కడ గీతలుండి, మూత సాగిపోయి సరిగ్గా కూర్చోకపోతే డాక్టర్ గారి కథ అక్కడితో సరి.

తర్వాత సెన్సర్. మీ మెమరీ కార్డు, వీలైతే మీ లాప్‌టాప్ తీసుకెళ్లండి. షాపు వాళ్ల స్క్రీన్ మీద చూడొద్దు. కెమెరాని బయటికి తీసుకెళ్లి ఐఎస్ఓ 100, ఎఫ్/16 (లెన్స్ రంధ్రం బాగా చిన్నగా) పెట్టి, ఫోకస్ చెడగొట్టి ఖాళీ ఆకాశాన్ని తీయండి. దుమ్ము మసక చుక్కల్లా కనిపిస్తుంది, దానికి భయపడక్కర్లేదు, క్లీనింగ్‌తో పోతుంది. భయపడాల్సింది తిన్నగా నిలువునో అడ్డంగానో పోయే గీతకి. ఆ తర్వాత లెన్స్‌కి మూత పెట్టి ఐఎస్ఓ 3200, ముప్ఫై సెకన్లు తీయండి. అక్కడక్కడా రంగు చుక్కలు పాత సెన్సర్లకు మామూలే. ఒకే చోట గుంపుగా ఉన్నా, గీతలా వరస కట్టినా వదిలేయండి. రెండు ఫొటోలనూ నూటికి నూరు శాతం సైజులో, మూల నుంచి మూలకి జరుపుకుంటూ చూడాలి. మొత్తం పది నిమిషాల పని. "వెనక కస్టమర్లు ఉన్నారు సార్" అని తొందరపెడితే, వాళ్లకే అమ్ముకోమని చెప్పి వచ్చేయండి.

మన ఊరికి ప్రత్యేకంగా ఉప్పుగాలి బెడద కూడా ఉంది. రుషికొండ, యారాడ, తొట్లకొండ అంటూ ప్రీ వెడ్డింగ్ షూట్లు తిరిగిన కెమెరాల మీద సముద్రం తన సంతకం పెట్టే ఉంటుంది. బ్యాటరీ తీసి లోపల ఫోన్ టార్చ్ వేయండి. అడుగున ఉన్న పిన్నుల మీద పచ్చగా పట్టి ఉంటే ఉప్పు లోపలికి వెళ్లినట్టే. లెన్స్ మౌంటు చుట్టూ ఉన్న స్క్రూల తలల మీద, పైన ఫ్లాష్ బిగించే హాట్‌షూ పట్టాల లోపలి అంచున తుప్పు ఉందేమో చూడండి. పైన బాడీని స్పిరిట్‌తో తుడిచి, గ్రిప్ రబ్బరు కొత్తది అంటించి మెరిపించగలరు. స్క్రూ తలల్ని మాత్రం ఎవరూ తోమరు. లెన్స్ కూడా కలిపి ఇస్తుంటే టార్చ్ వెనక నుంచి వేసి ముందు నుంచి చూడండి. సాలెగూడు పోగుల్లా కనిపిస్తే ఫంగస్. మన తేమకి అది ఆగదు, పెరుగుతుంది.

బిల్లు సంగతి. నాకు ఇచ్చింది ఎస్టిమేట్ స్లిప్పు. బిల్లు అడిగితే, "బిల్లు అంటే 18 శాతం జీఎస్టీ సార్, 38 వేలకి ఇంకో 6,840 పడుతుంది, మీ ఇష్టం" అన్నారు. బడ్జెట్ లెక్క చూసుకునేవాడు అక్కడే నోరు మూసుకుంటాడని వాళ్లకి తెలుసు. అసలు నిబంధన వేరు. పాత వస్తువులు కొని అమ్మే రిజిస్టర్డ్ డీలరు, కొనుగోలు మీద ఇన్‌పుట్ క్రెడిట్ (కొన్నప్పుడు కట్టిన పన్నును మినహాయించుకోవడం) తీసుకోకపోతే, కొన్న ధరకీ అమ్మిన ధరకీ మధ్య తేడా మీద మాత్రమే జీఎస్టీ కట్టే వీలుంది. 30 వేలకి కొని 38 వేలకి అమ్మితే 8 వేల మీద పన్ను, అంటే 1,440. కాబట్టి బిల్లు అడగండి, దాని మీద బాడీ సీరియల్ నంబర్ రాయించండి. ఆ నంబరు కెమెరా అడుగున ఉన్నదానితోనూ, ఫొటో ఫైల్ వివరాల్లో వచ్చేదానితోనూ సరిపోవాలి. తేడా ఉంటే అడుగు భాగం మార్చిన బాడీయో, దొంగ సరుకో అయి ఉంటుంది. డబ్బు కూడా షాపు పేరున్న ఖాతాకే పంపండి. నాకు ఇచ్చిన క్యూఆర్ కోడ్ వేరే ఎవరో మనిషి పేరు మీద ఉంది. అయినా ఆ యూపీఐ రికార్డు, వాట్సాప్‌లో "నో ఇష్యూస్, పర్ఫెక్ట్ కండిషన్" అని వాళ్లు పెట్టిన మెసేజ్ ఉన్నాయి కాబట్టే నా ఫిర్యాదు నిలబడింది.

"అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు" అని స్లిప్పు మీద అచ్చు వేసినంత మాత్రాన చేతులు దులుపుకోలేరు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం బిల్లు ఇవ్వకపోవడం, లోపమున్న వస్తువును బిల్లులో చెప్పిన గడువులో, గడువే రాయకపోతే 30 రోజుల్లో వెనక్కి తీసుకోకపోవడం, రెండూ అనుచిత వ్యాపార పద్ధతులే. ముందు 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేయొచ్చు. జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్లినా 5 లక్షల లోపు వ్యవహారానికి ఫీజు లేదు. ఇది షాపుల సంగతి. సొంత కెమెరా అమ్ముకునే మామూలు మనిషి మీద ఈ చట్టం పనిచేయదు. అక్కడ మీ పరీక్షలే మీకు దిక్కు.

ఆన్‌లైన్ ప్రకటనల్లో ఇంకో రకం నడుస్తోంది. "నేవీలో చేస్తాను, ట్రాన్స్‌ఫర్ అయింది, అర్జెంటుగా అమ్మేయాలి" అంటూ యూనిఫాం ఫొటో, ఐడీ కార్డు పంపి టోకెన్ అడ్వాన్సు అడుగుతారు. నేవీ ఊరు కదా, మనం ఇట్టే నమ్మేస్తాం. కెమెరా చేతిలోకి రాకుండా రూపాయి కూడా పంపకండి. పంపేసినవాళ్లు ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

లెన్సుల గురించి రెండు ముక్కలు. కేనన్ ఈఎఫ్-ఎస్ లెన్సులు, అంటే క్రాప్ సెన్సర్ కోసం చేసిన, మీ దగ్గరున్న 18-55, 55-250 లాంటివి, ఫుల్ ఫ్రేమ్ బాడీకి అసలు ఎక్కవు. అలాంటివే నికాన్ డీఎక్స్ లెన్సులు ఎక్కుతాయి కానీ సెన్సర్ మధ్య భాగమే వాడుకుంటాయి, 24 మెగాపిక్సెల్ డి750 కాస్తా పది మెగాపిక్సెల్ కెమెరా అయిపోతుంది. కాబట్టి బడ్జెట్ అంతా బాడీకే పోసేయకుండా కనీసం ఒక 50 ఎంఎం ఎఫ్/1.8 లెన్స్‌కి డబ్బు పక్కన పెట్టుకోండి. నికాన్ వైపు వెళ్తే 2012 నాటి డి600 వద్దు. సెన్సర్ మీద నూనె చుక్కలు పడతాయని పేరు మోసింది, ఏడాది తిరిగేసరికి కంపెనీ డి610 తెచ్చింది. డి750 అయితే, 2015లో కంపెనీ ప్రకటించిన ఉచిత షట్టర్ మరమ్మతు ఆ బాడీకి అవసరమైందా, అయితే చేయించారా అని అడగండి.

నా విషయానికొస్తే, మొదట "మీరే లేజర్ షోలో తీసుంటారు" అని ఎదురు తిరిగారు. 1915 నుంచి కదలిక వచ్చాక కెమెరా తీసుకుని 32 వేలు వాపసు ఇచ్చారు. మిగతా 6 వేలు "సర్వీస్ ఛార్జీ" అట. దాని మీదే ఇంకా నడుస్తోంది. కానీ ఇది రాయడానికి కారణం ఆ 6 వేలు కాదు. అదే బాడీ మళ్లీ అమ్మకానికి వచ్చింది, ఈసారి 41 వేలు, "సింగిల్ ఓనర్, లో కౌంట్" అని. 6డి చూస్తున్నవాళ్లు ఈ గుర్తులు పెట్టుకోండి: కొత్తగా అంటించిన గ్రిప్ రబ్బరు బొటనవేలు దగ్గర కొంచెం లేచి ఉంటుంది, హాట్‌షూ ఎడమ పట్టా మీద లోతైన గీత, బ్యాటరీ గదిలో ఒక మూల పచ్చటి మరక. ఆకాశాన్ని ఎఫ్/16లో తీసి, కుడి అంచు నుంచి సుమారు పావు వంతు లోపలికి చూడండి.