పూలతేనె తాగే రెండింటిలో ఏది మేలు?

మా అక్క కొడుకు ఫోన్‌లో కింకాజూ వీడియో చూసినప్పటి నుంచి "పిన్నీ, ఇదొకటి తెచ్చుకుందాం" అని ఒకటే గొడవ. వాడు అడుగుతుండగానే మియాపూర్‌లోని మా బాల్కనీ మందారం మీద తేనెపిట్ట వాలింది. రెండూ పూలతేనె తాగేవే కదా, పోల్చి చూద్దాం రా అన్నాను.

కింకాజూ రకూన్ కుటుంబానికి చెందిన జంతువు. మెక్సికో నుంచి దక్షిణ అమెరికా దాకా ఉన్న అడవుల్లో చెట్ల మీదే బతుకుతుంది. రెండు మూడు కిలోలు తూగుతుంది. పులులు, కుక్కలు ఉండే మాంసాహారుల వర్గంలోనే పుట్టినా ఎక్కువగా తినేది పళ్లు, అందులోనూ అత్తిజాతి పళ్లు. తోక కొమ్మకు చుట్టి వేలాడుతూ, ఇంచుమించు ఐదంగుళాల నాలుకతో పూలలో తేనె నాకుతుంది. మూతికి అంటిన పుప్పొడి పక్క చెట్టుకు చేరుతుంది.

ఈ ఒక్క విషయంలో మన పిట్ట వెనకబడుతుంది. మందారం లాంటి పెద్ద పూలకు అది అడుగున ముక్కుతో పొడిచి తేనె లాగేస్తుంది. పుప్పొడి తగలనే తగలదు, పువ్వుకు ఏ లాభమూ లేదు.

కానీ ఇంటి విషయానికొస్తే నా ఓటు పిట్టకే. కింకాజూకి మనం పడుకున్నాక తెల్లారుతుంది. బెదిరితే గట్టిగా కరుస్తుంది. మనుషుల దగ్గర ఇరవై ఏళ్లకు పైగా బతుకుతుంది. అడవంతా తిరగాల్సిన ప్రాణిని అన్నేళ్లు డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్‌లో బంధించడం నాకు మనసొప్పదు.

తేనెపిట్ట పది రూపాయల బిళ్లంత బరువుంటుంది, అంతే. పోయినేడాది మా బట్టల తీగకే గూడు కట్టింది. ఆడపిట్ట ఒక్కతే సాలెగూడు పోగులు ముక్కుతో లాగి తెచ్చి, ఎండుటాకు ముక్కలు, బెరడు పీచు వాటితో అతికించింది. పక్కన గుమ్మం, దానిమీద వాన పడకుండా చిన్న చూరు కూడా. రెండు గుడ్లు పెట్టింది. పిల్లలయ్యాక మగది కూడా పురుగులు తెచ్చి పెట్టేది. మేం నెలరోజులు బట్టలు లోపలే ఆరేసుకున్నాం.

దీన్ని పంజరంలో పెట్టుకోవడం నేరం, 1972 వన్యప్రాణి చట్టం ఒప్పుకోదు. అసలు ఆ అవసరమేముంది? రెండు కుండీల్లో మందారం, నూరువరహాలు పెట్టి, పురుగుమందు కొట్టడం మానేస్తే అదే వస్తుంది.

వాడు నూరువరహాల మొక్క తెచ్చాడు. బాల్కనీ మూల బూజు దులుపుదామని అమ్మ చీపురు తీస్తే అడ్డం పడ్డాడు. పిట్ట గూటికి దారం కావాలట.