ఆరు సీజన్లు వాడాక: నా స్కోప్, నా రేంజ్‌ఫైండర్

వేట తుపాకీకి మొదటి స్కోప్ (గురి చూసే దుర్బీను) కొన్నప్పుడు నేను చూసింది ఒకే ఒక్క అంకె, 24. పెట్టె మీద 6-24x50 అని ఉంది, అంటే జూమ్ 6 నుంచి 24 రెట్లు, ముందు అద్దం 50 మిల్లీమీటర్లు. ఇరవై నాలుగు రెట్లు పెద్దగా కనిపిస్తుందంటే ఇంకేం కావాలి అనుకున్నా. ధర నూట ఎనభై డాలర్లు. ఇంత జూమ్ ఇంత చవకగా ఎలా వస్తోందని ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. కంపెనీ పేరు అనవసరం, అలాంటివి ఆన్‌లైన్‌లో కొల్లలు.

నేనుండేది టెక్సస్‌లో, ఆస్టిన్ దగ్గర. వేటకి వెళ్లేది లానో కౌంటీలోని ఒక ర్యాంచ్‌కి. నలుగురం కలిసి లీజు కడుతున్నాం. మెస్కీట్ పొదలు, సీడర్లు, లైవ్ ఓక్ చెట్లు, మధ్య మధ్య గ్రానైట్ బండలు. అనంతపురం జిల్లాలో పెరిగినవాడికి ఆ నేల పరాయిగా అనిపించదు. వైట్‌టెయిల్ జింక సీజన్ అక్కడ నవంబర్ మొదటి శనివారం మొదలై జనవరి మొదటి ఆదివారంతో ముగుస్తుంది. అడవి పందులకి మాత్రం సీజన్ లేదు, ఏడాది పొడవునా కొట్టొచ్చు. 2019 సెప్టెంబర్ నుంచి, భూమి యజమాని ఒప్పుకుంటే ప్రైవేటు భూముల్లో పందులకి లైసెన్సు కూడా అక్కర్లేదు.

మా నాయన వేరుశనగ చేలో మంచె మీద కూర్చుని, రాత్రంతా రేకు డబ్బా కొట్టి పందుల్ని తోలేవాడు. ఇక్కడ పందిని కాల్చానని ఫోన్లో చెబితే ఆయన మొదట అడిగింది, "ఆ తుపాకీ ఒకటి మనకీ తేలేవా రా?" అని. మన దగ్గర 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ఉంది నాయనా, అనుమతి లేకుండా పందిని కొడితే పందికంటే ముందు నిన్ను పట్టుకుపోతారని చెప్పాల్సి వచ్చింది.

సంగతికి వచ్చేముందు ఒక్క మాట. ఇది చదివేవాళ్లలో హెచ్-1బి మీద ఉన్నవాళ్లు ఉంటారు. నాన్-ఇమ్మిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటా గానీ దగ్గర పెట్టుకోవడమే అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. ఉన్న కొద్ది మినహాయింపుల్లో ఒకటి చెల్లుబాటులో ఉన్న హంటింగ్ లైసెన్సు. అంటే పందికి లైసెన్సు అక్కర్లేదన్న మాట మీకు వర్తించినా, తుపాకీ పట్టుకోవడానికి అది కావాల్సి రావచ్చు. నేను గ్రీన్‌కార్డ్ వచ్చేదాకా ఆగాను. మీరు కనీసం లాయర్‌ని అడగండి.

ఇక ఆ 24 అంకె సంగతి. మొదటి సీజన్లో ఒక సాయంత్రం ఫీడర్ (జింకలకి మేత చల్లే డబ్బా) పక్కనుంచి, అరవై గజాల్లో పెద్ద పంది బయటికొచ్చింది. అంతకుముందు దూరపు బండలు చూస్తూ జూమ్ 18 దగ్గర వదిలేశాను. స్కోప్‌లో కన్ను పెడితే నల్లటి వెంట్రుకలు తప్ప ఇంకేం లేదు. తలెక్కడో తోకెక్కడో తెలియలేదు. జూమ్ తగ్గించుకునేలోపు పంది వెళ్లిపోయింది. పక్కన కూర్చున్న గుంటూరు అన్న, "తమ్ముడూ, నువ్వు చూసేది పందినా, చంద్రుణ్నా?" అన్నాడు. ఆ మాట ఇప్పటికీ లీజులో నడుస్తోంది.

అది నా తప్పు, సరే. కానీ ఆ స్కోప్ తప్పులు వేరే ఉన్నాయి. శనివారం పొద్దున జీరో చేసి (గురి పెట్టిన చోటే తూటా పడేలా స్కోప్ సరిచేసి), ర్యాంచ్ లోపలి గతుకుల రోడ్డులో ట్రక్కు వెనకాల వేసుకుని వెళ్లి, ఆదివారం మళ్లీ కాగితం మీద కాలిస్తే తూటాలు నాలుగు అంగుళాలు ఎడమకి పడ్డాయి. సరిచేశాను. మూడు వారాల తర్వాత మళ్లీ అదే. టరెట్ (గురి సరిచేసే చక్రం) నాలుగు క్లిక్కులు తిప్పితే ఒకసారి ఒక అంగుళం జరిగేది, ఒకసారి కదిలేదే కాదు, తర్వాతి తూటాకి ఒక్కసారిగా దూకేది. తుపాకీని అనుమానించాను, తూటాల్ని అనుమానించాను, చివరికి నా భుజాన్నీ అనుమానించాను. స్కోప్ మార్చాక అవన్నీ ఒక్కరోజులో పోయాయి.

2019 ఆగస్టులో ల్యూపోల్డ్ వీఎక్స్-ఫ్రీడమ్ 3-9x40 తీసుకున్నా. అప్పట్లో మూడు వందల డాలర్ల లోపే. ఒక అంగుళం ట్యూబు, బరువు పన్నెండు ఔన్సుల చిల్లర, లోపల మామూలు డ్యూప్లెక్స్ రెటికల్. అంటే అంచుల దగ్గర లావుగా, మధ్యకి వచ్చేసరికి సన్నగా ఉండే గీతలు. లైట్లు లేవు, చుక్కలు లేవు, తిప్పడానికి పక్కన మూడో చక్రం లేదు. మా ఆవిడ పెట్టె తెరిచి, "ముందుదే బాగుంది కదా, పెద్దగా ఉంది" అంది.

తేడా తెలియాలంటే సాయంత్రం దాకా ఆగాలి. టెక్సస్‌లో జింకని కాల్చడానికి అనుమతి సూర్యోదయానికి అరగంట ముందు నుంచి సూర్యాస్తమయం తర్వాత అరగంట దాకా. ముదురు జింకలు బయటికొచ్చేది ఎక్కువగా ఆ చివరి ఇరవై నిమిషాల్లోనే. నడి మధ్యాహ్నం షాపులో ఏ స్కోప్ పట్టుకున్నా అద్భుతంగానే ఉంటుంది. అందుకే షాపులో చూసి కొన్న స్కోప్ పొలంలో మోసం చేస్తుంది.

ఇందులో ఒక చిన్న లెక్క ఉంది. ముందు అద్దం వెడల్పుని జూమ్‌తో భాగిస్తే, స్కోప్ వెనక నుంచి మీ కంటికి వచ్చే వెలుగు చుక్క ఎంత వెడల్పో వస్తుంది. దీన్ని ఎగ్జిట్ ప్యూపిల్ అంటారు. స్కోప్‌ని చెయ్యి చాపి పట్టుకుని ఆకాశం వైపు తిప్పి చూడండి, అద్దంలో గుండ్రటి తెల్ల చుక్క కనిపిస్తుంది, అదే. నా పాత స్కోప్‌లో 50ని 24తో భాగిస్తే రెండు మిల్లీమీటర్లు. మసక వెలుగులో మన కంటిపాప ఐదారు మిల్లీమీటర్లు తెరుచుకుంటుంది, వయసులో ఉన్నవాళ్లకి ఇంకా ఎక్కువ. కన్ను గుమ్మం తెరుచుకుని కూర్చుంటే స్కోప్ సూది బెజ్జంలోంచి వెలుగు పంపినట్టు. కొత్తదాన్ని 6 మీద పెడితే 40ని 6తో భాగించి ఆరున్నర పైన వస్తుంది. ఫీడర్ దగ్గర నిలబడ్డ జింకకి కొమ్ములున్నాయా లేవా అన్నది ఆ తేడాలోనే తేలుతుంది. ఈ ఆరు సీజన్లలో 9 దాకా తిప్పింది కాగితం మీద జీరో చేసేటప్పుడే. వేటలో 4 మీద పెట్టి వదిలేస్తా, దూరంగా ఉంటే 6.

లెక్కలో పట్టనిది అద్దం నాణ్యత. రెండు స్కోపుల్లో వెలుగు చుక్క సమానంగా ఉన్నా, చవకదాంట్లో సీడర్ నీడలో ఉన్న జింక, నీడ ఒకే బూడిద రంగులో కలిసిపోయేవి. దీంట్లో ఆ రెండింటి మధ్య అంచు కనిపిస్తుంది. ఇంతకంటే బాగా చెప్పడం నాకు రాదు.

ఫస్ట్ ఫోకల్ ప్లేనా, సెకండ్ ఫోకల్ ప్లేనా అని చాలామంది తల పట్టుకుంటారు. మొదటి రకంలో జూమ్‌తో పాటు రెటికల్ కూడా పెరుగుతుంది, తరుగుతుంది. దూరం కొట్టేవాళ్లకి, లెక్కలతో ఆడేవాళ్లకి అది బాగుంటుంది. కానీ 3 మీద పెట్టినప్పుడు గీతలు సాలెగూడంత సన్నగా అయిపోయి, పొదల్లో కనిపించవు. మూడు వందల గజాలు దాటని మా పొలాలకి రెండో రకమే చాలు. దీని గురించి ఇంకేం రాయను.

అసలు డబ్బు పెట్టాల్సింది ఎవరూ పట్టించుకోని చోట, స్కోప్‌ని తుపాకీకి బిగించే రింగుల దగ్గర. నేను మొదటిసారి మామూలు అలెన్ కీతో శక్తి కొద్దీ బిగించాను. తర్వాత ఊడదీస్తే ట్యూబు మీద గాజుల అచ్చుల్లా రెండు నొక్కులు. ఈసారి యాభై డాలర్లు పెట్టి చిన్న టార్క్ రెంచ్ కొన్నా. నా రింగుల తయారీదారు చెప్పింది పద్దెనిమిది ఇంచ్-పౌండ్లు, అక్కడితో ఆపేశా. బేస్ స్క్రూలకి మాత్రం నీలం లాక్‌టైట్ (స్క్రూ వదులు కాకుండా పట్టే జిగురు) ఒక్క చుక్క. కంటికీ స్కోప్‌కీ మధ్య దూరం కూడా అప్పుడే చూసుకోవాలి. .308 రకం తుపాకీ తన్నుడికి కనుబొమ్మ చీలినవాళ్లు మా లీజులో ఒకరున్నారు, ఆ గుంటూరు అన్నే. పేరు రాయొద్దన్నాడు, ఊరు రాయొద్దనలేదు.

జీరో చేయడంలో చాలామంది తికమక పడేది క్లిక్కుల దగ్గర. ఎంఓఏ అన్నది కోణాన్ని కొలిచే కొలత, ఒక ఎంఓఏ అంటే వంద గజాల దూరంలో 1.047 అంగుళాలు, అంటే అంగుళమే అనుకోండి. నా స్కోప్‌లో ఒక క్లిక్కు పావు ఎంఓఏ. వంద గజాల్లో తూటా మూడు అంగుళాలు కింద పడితే పన్నెండు క్లిక్కులు పైకి. అదే మొదటి తూటాలు కాగితం మీద పడాలని 25 గజాల్లో మొదలుపెడితే, ఒక క్లిక్కు అందులో నాలుగో వంతే జరుపుతుంది, కాబట్టి అదే మూడు అంగుళాలకి నలభై ఎనిమిది. నేను 150 గ్రెయిన్ల బరువున్న తూటాతో 200 గజాలకి జీరో చేశాను. వంద దగ్గర రెండు అంగుళాలకి కాస్త తక్కువ పైన, మూడు వందల దగ్గర ఎనిమిది తొమ్మిది అంగుళాలు కింద పడుతుంది. జింక గుండె, ఊపిరితిత్తుల చోటు సుమారు ఎనిమిది అంగుళాల పళ్లెమంత. అంటే 200 దాకా నేరుగా గురి పెడితే చాలు, 300 దగ్గర నేరుగా పెడితే పళ్లెం దాటి కిందకి పోతుంది, కాలు విరుగుతుంది. లేజర్‌తో దూరం కొలిచే రేంజ్‌ఫైండర్ కావాల్సింది ఇక్కడే.

గజాలంటే మనకి కొత్త కాదు, ప్లాట్లు కొనేటప్పుడు గజాల్లోనే మాట్లాడతాం. కానీ పొలంలో నిలబడి దూరాన్ని గజాల్లో చెప్పమంటే మా నలుగురికీ నాలుగు సమాధానాలు. మధ్యలో పల్లం ఉంటే అవతలి ఒడ్డు దగ్గరగా కనిపిస్తుంది. మసక వెలుగులో అంచనా ఇంకా దెబ్బతింటుంది.

నా మొదటి రేంజ్‌ఫైండర్ పెట్టె మీద వెయ్యి గజాలని ఉంది. ఆ వెయ్యి మెరిసే వస్తువులకి, అంటే రోడ్డు పక్క సైన్ బోర్డుకి. జింక వెంట్రుకలు లేజర్‌ని తిప్పి కొట్టవు, చాలావరకు మింగేస్తాయి. జింకకి ఎంత అన్నది పెట్టె వెనక చిన్న అక్షరాల్లో ఉంటుంది, సగమో అంతకంటే తక్కువో. కొనేటప్పుడు ఆ చిన్న అంకె చూడండి. మేము మూడు వందలు దాటి కాల్చం కాబట్టి అది ఐదు వందలు ఉన్నా నాకు చాలు.

నన్ను ఏడిపించింది వేరే విషయం. దాని లోపల అంకెలు నల్లగా పడేవి. పగలు బ్రహ్మాండం. సూర్యుడు దిగాక, చీకటి సీడర్ల మీద నల్ల అంకెలు! అంకె కోసం దాన్ని ఆకాశం వైపు తిప్పి చదువుకోవాల్సి వచ్చేది. నాలుగేళ్ల క్రితం ఎర్ర అంకెలది తీసుకున్నా, ప్రాణం లేచొచ్చింది. ఎరుపు మరీ వెలిగినా కష్టమే, కన్ను చెదిరి జింక కనిపించదు. కాబట్టి వెలుగు తగ్గించుకునే వీలు ఉందో లేదో చూడండి.

ఇంకో రెండు తిప్పలు. ఒకటి, మెస్కీట్ కొమ్మలు. జింక వైపు పెట్టి నొక్కితే 38 అని వస్తుంది, ముందున్న కొమ్మని కొలిచిందన్నమాట. చాలావాటిలో దగ్గరి వస్తువునా, దూరపు వస్తువునా అని ఎంచుకునే మోడ్ ఉంటుంది. వేటకి దూరపుదే పెట్టుకోవాలి. గోల్ఫ్ కోసం చేసినవాటిలో జెండాని పట్టడానికి దగ్గరిదే ఉంటుంది, అందుకే వాటిని వేటకి తేవద్దంటాను. పొగమంచు పొద్దునల్లో ఏ మోడ్ అయినా మంచునే కొలుస్తుంది. బ్లైండ్ (దాక్కుని కూర్చునే గది) కిటికీ ప్లాస్టిక్ లోంచి నొక్కినా తప్పే వస్తుంది, కిటికీ తెరవాలి. రెండోది నా స్వయంకృతం. జేబులో నొక్కుకుపోయి గజాలు మీటర్లుగా మారిపోయాయి. ఒక సీజన్ సగం దాకా చూసుకోలేదు. 220 అని చూపిస్తే 220 గజాలే అనుకున్నా, నిజానికి అది 240 గజాలు.

వాలు లెక్కకట్టే రకానికి ఎక్కువ డబ్బు పెట్టాలా అని అడుగుతారు. ముప్పై డిగ్రీల వాలులో 300 గజాల దూరం తూటాకి 260 కింద లెక్క. కొలరాడో కొండల్లో తిరిగేవాళ్లకి అది తప్పనిసరి. పదిహేను అడుగుల ఎత్తు బ్లైండ్‌లో కూర్చునే నాకు దాంతో పని పడలేదు.

బ్యాటరీ సీఆర్2 రకం. చలి పొద్దునల్లో నీరసపడుతుంది కాబట్టి రేంజ్‌ఫైండర్‌ని లోపలి జేబులో పెట్టుకుంటా, ఇంకో బ్యాటరీ పర్సులో. అద్దాల్ని చొక్కా అంచుతో తుడవకండి. అక్కడి గ్రానైట్ దుమ్ము ఇసుక కాగితంలా గీస్తుంది. ముందు ఊది, తర్వాత లెన్స్ పెన్.

కొన్న రెండేళ్లకి గానీ నాకు తట్టనిది ఒకటుంది. జింక వచ్చాక రేంజ్‌ఫైండర్ తీయడం ఆలస్యం. చెయ్యి కదులుతుంది, జింక తలెత్తుతుంది, అంతే. ఇప్పుడు బ్లైండ్‌లో కూర్చోగానే, కాఫీ పోసుకునే ముందే, కనిపించే ప్రతి గుర్తుకీ ఒకసారి నొక్కుతా. కిటికీ చెక్క మీద మాస్కింగ్ టేప్ అంటించి పెన్‌తో రాసి పెట్టాను: ఫీడర్ 110, విరిగిన సీడర్ 187, పెద్ద ఓక్ 241. తర్వాత జింక ఓక్ పక్కకి వస్తే చేతిలోకి తుపాకీ ఒక్కటే వస్తుంది.

పోయిన డిసెంబర్‌లో ఓక్ అవతల, పల్లం దాటాక, బండ పక్కన ఒక ముదురు బక్ (మగ జింక) నిలబడింది. ఇరవై నిమిషాల వెలుగు మిగిలింది. టేప్ మీద ఆ బండ లేదు. కంటికి రెండు వందల అరవై లాగుంది, స్కోప్‌లో కొమ్ములు ఒక్కొక్కటీ లెక్కపెట్టగలను. గుంటూరు అన్న ఊపిరి బిగబట్టాడు. మెల్లగా రేంజ్‌ఫైండర్ తీసి నొక్కా. ఎర్రగా 317. మళ్లీ నొక్కా, 317. దాన్ని ఒళ్లో పెట్టి, తుపాకీ సేఫ్టీ మీద నుంచి వేలు తీసేశాను. బక్ ఇంకో ఐదు నిమిషాలు గడ్డి మేసి బండ వెనక్కి వెళ్లిపోయింది. "ఛ" అన్నాడు అన్న. నేను పెన్ తీసి టేప్ మీద నాలుగో గీత రాశాను: బండ 317.